చప్పుడు చెయ్యని మాటలు

అమ్మాయీ,

ఇళ్ళ కూల్చివేతల మీద నువ్వు రాసిన వ్యాసం పంపుతూ, రాజకీయ వ్యాసానికి పదును రావాలంటే ఎలాంటి మాటలు వాడాలని అడిగావు. పదును కావాలనుకోవడం మంచిదే గానీ, నువ్వు వెతుకుతున్న చోట అది దొరకదు. "దుర్మార్గం", "అరాచకం", "నియంతృత్వం" లాంటి మాటలు పాఠకుడికి దూరం నుంచే కనబడతాయి. రాసిన మనిషి ఎటువైపో అక్కడే తెలిసిపోతుంది. తన పక్షమైతే తలూపుతాడు, కాకపోతే పేజీ తిప్పేస్తాడు. ఎవరి అభిప్రాయమూ అంగుళం కదలదు. కదిలించే మాటలు వేరే ఉన్నాయి: "ఛార్జీల సవరణ", "ఆక్రమణల తొలగింపు", "వెల్లడించారు", "మృతి". వీటిలో ఒక్కటీ కేక వెయ్యదు. ఇక్కడ ఒకరు ఒక మాటను ఏరి పెట్టారనే అనుమానమే చదివేవాడికి రాదు. చాలాసార్లు రాసినవాడికీ రాదు. నేను నీకు చెప్పగలిగిందేమన్నా ఉంటే ఈ రెండో రకం గురించే.

ముందు "అన్నారు" సంగతి చూడు. ఫలానా పని ఆలస్యమైందని ఒక మంత్రి అన్నారనుకో. "చెప్పారు" అని రాస్తే నువ్వు ఆ మాటను మోసుకొచ్చావు, అంతే. "వెల్లడించారు" అంటే అది నిజమేనని, ఇన్నాళ్ళూ దాగి ఉందని నువ్వు పూచీ పడ్డట్టు. "ఒప్పుకున్నారు" అంటే ఆయన తప్పు చేసినట్టు, ఎవరో నిలదీస్తే దారికొచ్చినట్టు. "చెప్పుకొచ్చారు" అంటే నువ్వు నమ్మలేదని పాఠకుడికి కన్నుగీటినట్టు. "వాపోయారు" అంటే పాపం. "బుకాయించారు" అంటే అబద్ధం. అన్నిటికన్నా గడుసుది "స్పష్టం చేశారు". మనిషి ఎంత తికమకగా మాట్లాడినా ఆ మాటలకు స్పష్టత మనమే అంటగట్టి పంపిస్తాం. ఆయన నోటి నుంచి వచ్చింది ఒక్కటే వాక్యం. దాని మీద తీర్పు క్రియలో ఉంది. మన వాక్యంలో క్రియ చివరన వస్తుంది కాబట్టి, పాఠకుడు ఆ తీర్పు వెంటబెట్టుకునే తర్వాతి వాక్యంలోకి వెళ్తాడు.

ఏదైనా పత్రిక మొగ్గు ఎటో తెలుసుకోవడానికి సంపాదకీయాలు చదవక్కర్లేదు. ఓ వారం పాటు ఈ క్రియల్ని ఏరి చూడు. ఎవరు ఎప్పుడూ "స్పష్టం చేస్తూ" ఉంటారో, ఎవరు ఎప్పుడూ "ఆరోపిస్తూ" ఉంటారో, ఎవరికి "వాపోవడం" తప్ప ఇంకో క్రియే దక్కదో తేలిపోతుంది. (ప్రతిపక్షం "నిప్పులు చెరగడం" మటుకు ఎవరూ మాన్పించలేరు. ఇన్నేళ్ళుగా చెరుగుతున్నా ఎక్కడా ఒక్క చాప కూడా కాలలేదు.)

క్రియ ఒక్కటే ఇంత పని చేస్తుందా అంటే చేస్తుంది. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ పరిశోధకులు విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయో అంచనా వెయ్యమన్నారు. ప్రశ్నలో క్రియ మాత్రం మారుస్తూ వచ్చారు. కార్లు "తాకినప్పుడు" అని అడిగితే సగటు జవాబు గంటకు 31.8 మైళ్ళు. "నుజ్జయ్యేట్టు గుద్దుకున్నప్పుడు" అని అడిగితే 40కి పైనే. అంతటితో వదల్లేదు. మరో ప్రయోగంలో విద్యార్థుల్ని వారం తర్వాత మళ్ళీ పిలిచి, ఫిల్ములో పగిలిన గాజు ఏమన్నా కనిపించిందా అని అడిగారు. అందులో గాజు పగలనే లేదు. అయినా "నుజ్జయ్యేట్టు" అన్న ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలుగా "ఢీకొన్నప్పుడు" అన్న ప్రశ్న విన్న 50 మందిలో అలా చెప్పింది 7 మందే. కళ్ళారా చూసినవాళ్ళ సంగతే ఇది. మన పాఠకుడు ఆ చోట లేడు. అతని చేతిలో ఉన్నదల్లా నీ వాక్యం.

పేర్ల విషయమూ ఇంతే. అమెరికాలోనే ప్రజాభిప్రాయం సేకరిస్తూ దశాబ్దాలుగా సాగుతున్న జనరల్ సోషల్ సర్వే వాళ్ళు 1980ల మధ్యలో ఒకే ప్రశ్నను రెండు రకాలుగా అడిగి చూశారు. "పేదలకు సాయం" మీద ప్రభుత్వం పెడుతున్నది చాలదన్నవాళ్ళు మూడింట రెండొంతులకు దగ్గరగా ఉన్నారు. "వెల్ఫేర్" మీద పెడుతున్నది చాలదన్నవాళ్ళు నాలుగోవంతుకు మించలేదు. ఎన్నికల సభల్లో, టీవీల్లో ఏళ్ళ తరబడి నలిగి నలిగి ఆ మాటకు అక్కడ సోమరితనం వాసన అంటుకుంది. అదే మన దగ్గరికి "సంక్షేమం"గా వచ్చి గౌరవంగానే నిలబడింది. ఆ గౌరవం గిట్టనివాళ్ళు "ఉచితాలు", "తాయిలాలు" అని మొదలుపెట్టారు. పథకం అదే, డబ్బు అదే, తీసుకునే మనిషీ అదే. ఏ మాట రాశావన్నదాంతో చర్చ సగం అక్కడే అయిపోతుంది.

పాలకులే ఇలాంటి పేర్లు పుట్టించి ప్రకటనల్లో పెట్టి పంపుతారని నీ వ్యాసంలో రాశావు. ప్రతిసారీ అలాగే జరగదు. 1950 జూన్ ఆఖర్లో, కొరియాకు అమెరికా విమానాల్నీ నౌకల్నీ పంపించాక, అధ్యక్షుడు ట్రూమన్ విలేకరులతో మాట్లాడుతూ మనం యుద్ధంలో లేమన్నాడు. అయితే దీన్ని ఐక్యరాజ్యసమితి తరఫున జరిగే పోలీసు చర్య అనవచ్చా అని ఒక విలేకరి అడిగాడు. అవును, సరిగ్గా అదే అన్నాడు ట్రూమన్. మాట అందించింది విలేకరి, అధ్యక్షుడు అందుకున్నాడు. అందుకోడా మరి! యుద్ధం ప్రకటించే అధికారం అక్కడి రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్‌ది, అంటే వాళ్ళ పార్లమెంటుది. పోలీసు చర్యకైతే ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ "చర్య" మూడేళ్ళు సాగి 33 వేలకు పైగా అమెరికా సైనికుల్నీ, లక్షల మంది కొరియన్లనీ పొట్టనబెట్టుకుంది. మనకూ ఈ మాట కొత్తదేం కాదు. అంతకు రెండేళ్ళ ముందు, 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానంలోకి భారత సైన్యం ట్యాంకులతో వెళ్ళినా, మన పుస్తకాల్లో ఇప్పటికీ అది పోలీసు చర్యే.

మాటను బలవంతాన రుద్దేవాళ్ళూ ఉన్నారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీదికి సేనలు వెళ్ళిన రెండు రోజులకే, "యుద్ధం", "దండయాత్ర" అని రాయకూడదని రష్యా మీడియా నియంత్రణ సంస్థ పత్రికలకు తాఖీదు ఇచ్చింది. ప్రభుత్వం పెట్టిన పేరు "ప్రత్యేక సైనిక చర్య". ఆ తర్వాత వారం తిరక్కుండానే, సైన్యం గురించి "తప్పుడు సమాచారం" ఇస్తే 15 ఏళ్ళ దాకా జైలు అనే చట్టం వచ్చింది. ఇది ముతక పని, అందరికీ కనబడుతుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది జైలు భయమే లేనిచోట జరిగింది. మనిషిని పడుకోబెట్టి, ముఖం మీద గుడ్డ కప్పి, ఊపిరాడకుండా నీళ్ళు పోసే పద్ధతిని వాటర్‌బోర్డింగ్ అంటారు. దాని గురించి అమెరికా పత్రికలు ఎప్పుడెప్పుడు ఏ మాట వాడాయో హార్వర్డ్ విద్యార్థులు కొందరు లెక్క తీసి 2010లో బయటపెట్టారు. 1930ల నుంచి 1999 దాకా న్యూయార్క్ టైమ్స్‌లో ఆ ప్రస్తావన వచ్చిన 54 వార్తల్లో 44 దాన్ని చిత్రహింస అనో, చిత్రహింసతో సమానమనో రాశాయి. 2002 నుంచి 2008 వరకు, అంటే ఆ పని చేసింది తమ ప్రభుత్వమే అని వార్తలు వచ్చిన కాలంలో, 143 వార్తల్లో 2 మాత్రమే అలా రాశాయి. మిగతా వాటిలో "కఠినమైన విచారణ పద్ధతులు" లాంటివి. పత్రిక ఇచ్చుకున్న సంజాయిషీ ఏమిటంటే, అది చిత్రహింస కాదని ప్రభుత్వ పక్షం వాదిస్తోంది, విషయం వివాదంలో ఉంది, కాబట్టి తాము ఏ పక్షమూ తీసుకోలేదట. చివరికి 2014 ఆగస్టులో గానీ చిత్రహింస అని రాయడానికి ఆ పత్రిక సంపాదకుడు నిర్ణయించుకోలేదు.

ఈ సంజాయిషీ దగ్గర కాసేపు ఆగు. చూడ్డానికి ఎంత న్యాయంగా ఉందో! కానీ దీని ప్రకారం, ఒక మాటను నిఘంటువులోంచి తీసేయించాలంటే గద్దె మీద ఉన్నవాడు దానితో పేచీ పెట్టుకుంటే చాలు. పేచీ మొదలైన మర్నాటి నుంచి మాట "వివాదాస్పదం", కాబట్టి వాడకూడదు. దశాబ్దాలుగా వాడిన అర్థాన్ని ఎవరూ కాదని నిరూపించలేదు. పక్షం తీసుకోలేదు అంటూనే పక్షం తీసుకోవడమంటే ఇదే. నువ్వు ఈ పనిలో ఉన్నన్నాళ్ళూ ఈ వాదన నీకు రకరకాల వేషాల్లో ఎదురవుతుంది.

ఇక మన శీర్షికలు. వాటిలో చాలాసార్లు క్రియే ఉండదు, దాంతోపాటు కర్తా పోతాడు. "కాల్పుల్లో ఇద్దరి మృతి." ఎవరు కాల్చారు? "కారు దూసుకెళ్ళి బాలుడి మృతి." కారుకు కాళ్ళొచ్చాయి, నడిపినవాడు మాయమయ్యాడు. "నిధులు దారి మళ్ళాయి", వాటికి దారి తెలిసినట్టు. జాగా తక్కువ అంటారు. దొంగ కాలిస్తే మటుకు "దొంగ కాల్పుల్లో కానిస్టేబుల్ మృతి" అని కర్త వచ్చి కూర్చుంటాడు, జాగా ఎలాగో దొరుకుతుంది. "ఎదురుకాల్పులు" సంగతి ఇంకా విచిత్రం. ఆ "ఎదురు" ఉందే, ముందు అవతలివాళ్ళే కాల్చారని అది సాక్ష్యం చెప్పేసింది. రాసిన విలేకరి అక్కడ లేడు. పోలీసులు చెప్పారు, అతను రాశాడు. అలాంటి ప్రతి మరణం మీదా ఎఫ్‌ఐఆర్ పెట్టాలని, స్వతంత్రంగా దర్యాప్తు చెయ్యాలని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. దర్యాప్తు తేల్చాల్సిన దాన్ని శీర్షిక ఆ పూటే తేల్చేస్తోంది. "ఎదురుకాల్పులు జరిగాయన్న పోలీసులు" అని రాయడానికి పెద్ద ధైర్యం కూడా అక్కర్లేదు. "పరువు హత్య" కూడా ఇంతే. పరువు అనేది చంపినవాడు చెప్పిన కారణం. దాన్ని మన కారణంగా అచ్చు వేస్తున్నాం.

అలాగని అవతలి పక్షం మాటలు తెచ్చి పెట్టుకోమనడం లేదు. నీ వయసులో ఆ మోజు ఉంటుంది, నీ వ్యాసంలో కొంత కనబడింది కూడా. 2001 సెప్టెంబరులో అమెరికా మీద జరిగిన దాడుల తర్వాత రాయిటర్స్ వార్తా సంస్థ తన విలేకరులను, ఇతరుల మాటగా తప్ప "టెర్రరిస్టు" అని సొంతంగా రాయవద్దంది. చాలామంది తిట్టిపోశారు. వాళ్ళ పద్ధతి మాత్రం నాకు నచ్చుతుంది. ఏం జరిగిందో, ఎందరు పోయారో, చేసింది ఎవరో పూర్తిగా రాస్తే, పేరు పాఠకుడే పెట్టుకుంటాడు. 2013లో అసోసియేటెడ్ ప్రెస్ అనే మరో వార్తా సంస్థ "అక్రమ వలసదారు" అనే మాట మానేసింది. అక్రమం అనేది చేసిన పనికి చెప్పాలి గానీ మనిషికి తగిలించకూడదని వాళ్ళ వాదన, అదీ సబబే. 2019లో బ్రిటన్ పత్రిక గార్డియన్ "వాతావరణ మార్పు" బదులు "అత్యవసర స్థితి", "సంక్షోభం" లాంటివి వాడమని తన విలేకరులకు చెప్పినప్పుడు మాత్రం నాకు అంత నమ్మకం కుదరలేదు. ఆపద నిజమే, కాదనను. అత్యవసరం అని రోజూ రాస్తే పదో రోజుకు ఆ మాటకే అలవాటు పడిపోతాం.

మాటలకు మంత్రశక్తి ఉందని కూడా అనుకోకు. బస్సు ఛార్జీ పెరిగినవాణ్ణి "సవరణ" మోసం చెయ్యలేదు, టికెట్టు అతని చేతిలోనే ఉంది. పాఠకుడు స్వయంగా వెళ్ళి చూడలేనిచోటే మాట రాజ్యం చేస్తుంది. సరిహద్దు, జైలు, బడ్జెట్టు లెక్కలు, పోలీస్ స్టేషన్ లోపల, ఇంకో దేశం. అక్కడి సంగతి రాసేటప్పుడు రెండింతలు జాగ్రత్తపడు. మిగతాచోట్ల కాస్త తడబడినా పాఠకుడు సర్దుకుంటాడు.

నేను చేసే పని ఒకటి చెప్తాను, పనికొస్తే వాడుకో. వ్యాసం పూర్తయ్యాక రెండు పక్షాల పేర్లూ తారుమారు చేసి ఒకసారి చదువుతాను. వాళ్ళు చేస్తే "కుట్ర" అయినది వీళ్ళు చేస్తే "వ్యూహం" అయిందా, వాళ్ళ సభకొచ్చినవాళ్ళు "మూక", వీళ్ళ సభకొచ్చినవాళ్ళు "జనం" అయ్యారా అని చూస్తాను. వాక్యం నోటికి అడ్డం పడితే అక్కడేదో ఉందన్నమాట.

ఇప్పుడు నీ కూల్చివేతల వ్యాసం. మొదటి పేరాలో "ఆక్రమణల తొలగింపు" అని రాశావు. అది అధికారుల ప్రకటనలోంచి వచ్చింది, నువ్వు గమనించలేదు. ఆ భూమి ఎవరిదో ఇంకా తేలకముందే ఆ మాట తేల్చేసింది. ఆఖరి పేరాలో "పేదల గుండెల మీద బుల్డోజర్" అన్నావు. అది ఆందోళన చేస్తున్నవాళ్ళ ప్లకార్డులోది. మధ్యలో ఐదు పేరాలున్నాయి, ఎన్ని ఇళ్ళు కూల్చారో ఎక్కడా లేదు. నోటీసు ఇచ్చారా, ఏ తేదీన ఇచ్చారు, ఆదేశం మీద ఎవరి సంతకం ఉంది, కోర్టులో కేసు నడుస్తోందా అన్నవీ లేవు. రెండు చోట్లా కొట్టేసి "ఇళ్ళు కూల్చారు" అని రాశాను. "ప్రజలు ఆగ్రహంగా ఉన్నారు" అన్న వాక్యం పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. నువ్వు ఎవరెవరితో మాట్లాడావో వాళ్ళు ఏమన్నారో రాయి, చాలు. ఆ వివరాలు కనుక్కుని మళ్ళీ పంపు. శీర్షిక సంగతి అప్పుడు చూద్దాం.

ఉంటాను.