కిడ్నీ మార్పిడి తర్వాత పాదం మీద బుడిపె: ముక్క పరీక్ష ఆలస్యం చేయొద్దు

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా నాన్నకు 54 ఏళ్లు, పత్తి రైతు. రెండేళ్ల కింద కిడ్నీ మార్పిడి జరిగింది. టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసలోన్ వాడుతున్నారు. మూడు నెలల కింద పాదం మీద లేచిన బుడిపె ఇప్పుడు రేగుపండంత అయింది. నొప్పి, జ్వరం లేవు. మెడికల్ షాపు ఆయింట్‌మెంట్, యాంటీబయాటిక్స్ వాడినా తగ్గలేదు. క్యాన్సరేమోనని టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు

సలహా: నొప్పి, జ్వరం లేవు కదా అని ఇన్నాళ్లు ఆగినట్టున్నారమ్మా. ఆ రెండూ చాలావరకు రోగనిరోధక శక్తి ఎదురు తిరిగితేనే వస్తాయి. మీ నాన్నగారి మందులు దాన్నే అణచి ఉంచుతాయి. అందుకే లోపల ఇన్‌ఫెక్షన్ పెరుగుతున్నా పైకి తెలియకపోవచ్చు.

క్యాన్సర్ కాదని ఇప్పుడే చెప్పలేను గానీ, నా మొదటి అనుమానం ఫంగస్ మీద. చేనులో చెప్పుల్లేకుండా తిరుగుతారా, ఎప్పుడైనా ముల్లు గుచ్చుకుందా అని అడగండి. మట్టిలో, ఎండు కట్టెల మీద ఉండే కొన్ని నల్లటి ఫంగస్‌లు అలా చర్మం కిందికి చేరి, నెలల తరబడి నిదానంగా పెరుగుతాయి. (కోవిడ్ రోజుల్లో విన్న బ్లాక్ ఫంగస్ వేరు, కంగారు పడకండి.) క్షయ, నొకార్డియా అనే బ్యాక్టీరియా, క్రిప్టోకాకస్ అనే మరో ఫంగస్ కూడా ఇలాగే కనిపించొచ్చు. ఇది కంటితో చూసి తేల్చే జబ్బు కాదు.

వరంగల్ ఎంజీఎంలోనో మరెక్కడైనానో చర్మవ్యాధుల డాక్టర్‌కు చూపించి, కాస్త లోతుగా ముక్క తీయించండి (బయాప్సీ). దాన్ని రెండు భాగాలు చేయాలి. ఒకటి, ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లో మైక్రోస్కోప్ పరీక్షకు, రెండోది స్టెరైల్ (క్రిముల్లేని) సెలైన్‌లో ఫంగస్, టీబీ కల్చర్లకు (క్రిముల్ని పెంచి చూసే పరీక్షలకు). చాలాసార్లు దెబ్బతినేది ఇక్కడే. మొత్తం ముక్క ఫార్మలిన్‌లో వేస్తే క్రిములు చచ్చిపోతాయి, కల్చర్‌లో ఏమీ పెరగదు. కాబట్టి ముక్క తీయకముందే ‘కల్చర్‌కు కూడా పంపుతున్నారా సార్’ అని అడగండి. మొహమాటం వద్దు. ల్యాబ్ కాగితం మీద కిడ్నీ మార్పిడి సంగతి రాయించండి, క్రిములు కనిపించేలా ప్రత్యేక స్టెయిన్లు (రంగులు) వేసి చూస్తారు. టీబీ కల్చర్‌కు 6 నుంచి 8 వారాలు పట్టొచ్చు. మైక్రోస్కోప్ రిపోర్ట్ ముందే వస్తుంది.

ఆయింట్‌మెంట్ ఆపేయండి. షాపుల్లో ఇచ్చే చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, అది కూడా రోగనిరోధక శక్తిని అణచేదే. మార్పిడి మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు, తగ్గించొద్దు. ఏ కొత్త మందు మొదలుపెట్టినా కిడ్నీ డాక్టర్‌కు చెప్పాలి. ఇట్రాకొనజోల్ లాంటి ఫంగస్ మందులు రక్తంలో టాక్రోలిమస్‌ను పెంచుతాయి, టీబీకి వాడే రిఫాంపిసిన్ తగ్గించేస్తుంది.

ఈలోగా తలనొప్పితో వాంతులు, మగత, ఆయాసం, జ్వరం కనిపించినా, బుడిపె నల్లబడినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.