మందు కొట్టే ముందు ఆ ఈగ ఏదో చూడు

బుజ్జమ్మా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. దుగ్గిరాల కాలువ పక్కన చావిడి వేయించావు, గేదెలూ రెండు ఆవులూ కట్టావు, పాలు కేంద్రానికి పోస్తున్నావు, అంతా బాగుంది, ఈగలతోనే ప్రాణం విసిగిపోతోంది, ఏ స్ప్రే కొట్టాలి మామయ్యా అని అడిగావు. స్ప్రే సంగతి చివర్లో చెప్తాను. ముందు నువ్వు నాకు చెప్పాల్సింది ఒకటుంది: నీ చావిట్లో ఉన్నది ఏ ఈగ? ఈగలన్నీ ఒకటే అనుకుని ఓ డబ్బా కొనుక్కొచ్చి గొడ్ల వీపుల మీద కొట్టేసేవాళ్లని నా సర్వీసంతా చూశాను. డబ్బులు పోయాయి తప్ప ఈగలు పోలేదు. ఒక్కో ఈగ ఒక్కో చోట పుడుతుంది, ఒక్కో చోట వాలుతుంది, ఒక్కో రోగం మోసుకొస్తుంది. అది పుట్టే చోటు వదిలేసి మందు కొట్టి ఏం లాభం?

రేపు పొద్దున పాలు తీసేశాక వేరే పని పెట్టుకోకుండా కాసేపు నిలబడి గేదెల్ని చూడు. ఊరికే కాళ్లు నేలకేసి కొడుతున్నాయా? అయితే మోకాళ్ల కింద చూడు. అక్కడ వాలేది చూడ్డానికి అచ్చం ఇంట్లో తిరిగే ఈగలాగే ఉంటుంది కానీ దాని మూతి గట్టిగా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, గోడ మీద వాలితే తల పైకి పెట్టి కూర్చుంటుంది. అదీ కుట్టే ఈగ. ఆడా మగా రెండూ రక్తం తాగుతాయి. కుడితే నొప్పి ఎక్కువ కాబట్టి గేదె తోక విసురుతుంది, కాలు కొడుతుంది, అది లేచి సగం తాగిన రక్తంతోనే పక్క గేదె మీద వాలుతుంది. రోగాలు దాటేది అలాగే. ఇది గొడ్డు మీద ఉండేది రెండు మూడు నిమిషాలే, కడుపు నిండగానే పోయి గోడ మీదో కట్టుకొయ్య మీదో కూర్చుని అరిగించుకుంటుంది. ఇప్పుడు చెప్పు, వీపు మీద కొట్టిన మందు దాన్నేం చేస్తుంది?

ఇది పుట్టేది ఎక్కువగా తాజా పేడలో కాదు. గేదెలు తినకుండా కిందపడేసి తొక్కిన వరిగడ్డి మూత్రంతో తడిసి మూలల్లో నల్లగా కుళ్లుతుంది చూడు, అందులో. గాటి అడుగున, గడ్డివాము కింద తడిసిన పొరలో, కుడితి తొట్టి చుట్టూ ఒలికి పులిసిన తవుడులో. ఒక కర్ర తీసుకుని ఆ కుళ్లు గడ్డిని అంగుళం లోతు కదిపి చూడు, తెల్లటి పురుగులు, గోధుమరంగు కాయలు కనపడతాయి. ఆ కాయలే ఇంకొద్ది రోజుల్లో ఈగలు. నీ పాలేరు రోజూ పేడ ఎత్తుతున్నాడని నువ్వు ధీమాగా ఉన్నావు కానీ ఆ మూలలు ఎవరూ ముట్టుకోరు. వారానికి ఒక్కరోజు, ఆదివారమే అనుకో, మూలలతో సహా మొత్తం గీకించి ఎండలో ఆరబోయించు. తడి లేకపోతే పురుగు బతకదు.

మామూలు ఇంటి ఈగ కుట్టదు, కానీ కళ్ల కలక ఒక గొడ్డు నుంచి ఇంకో గొడ్డుకి అంటిస్తుంది, పాల క్యాన్ల మీద వాలుతుంది, దూడల విరేచనాలకి కూడా దాని చెయ్యి ఉంటుంది. ఇది పేడదిబ్బలో పుడుతుంది. మన ఎండలకి గుడ్డు నుంచి ఈగ అవడానికి ఏడు నుంచి పది రోజులు చాలు, అందుకే వారానికోసారి అన్నది గట్టిగా పట్టుకో, పదిహేను రోజులకోసారి చేస్తే చేసినట్టు కాదు. దిబ్బని చావిడికి దూరంగా వేయించు, మీద టార్పాలిన్ కప్పి అంచుల మీద మట్టి వేయించు. లోపల వేడెక్కి పురుగులు చస్తాయి, ఎరువు కూడా బాగా చివుకుతుంది. అంచుల దగ్గర చల్లగా ఉంటుంది కాబట్టి పురుగులన్నీ అక్కడికే చేరతాయి, వారానికోసారి అంచు పేడని పారతో మధ్యకి తోయించాలి. గోబర్ గ్యాస్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

వీపు మీదా డొక్కల మీదా గుంపులుగా, ఇంటి ఈగలో సగం సైజులో ఉండేవి ఇంకో రకం. అవి రాత్రీ పగలూ గొడ్డునే అంటిపెట్టుకుని ఉంటాయి, గుడ్లు పెట్టడానికి మాత్రమే అప్పుడే వేసిన పేడ మీదికి దిగుతాయి. తోక కింద, తొడల లోపల చదునుగా, తోలులా గట్టిగా ఉండి, వేళ్లతో నలిపినా చావకుండా పక్కకి పాకేవి మరో రకం. అవి గుడ్డు పెట్టవు, ఎదిగిన పురుగునే ఒక్కొక్కటిగా కంటాయి, గోడ పగుళ్లలో, పొడి మట్టిలో వదులుతాయి. ఈ రెండు రకాలకైతే ఒంటి మీద మందు పనిచేస్తుంది, ఎందుకంటే వాటి కాపురమే గొడ్డు మీద. గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్పించు.

ఇప్పుడు అసలు భయపడాల్సింది చెప్తాను. పుండు. ముకుతాడు రాపిడి కానీ, విరిగిన కొమ్ము కానీ, గోమారి కుట్టిన చిన్న గాటు కానీ, పుట్టిన దూడ బొడ్డు కానీ, కష్టమైన ఈతలో చిరిగిన మానం కానీ, గాలికుంటు వచ్చి పగిలిన గిట్ట కానీ, ఏదైనా సరే. నీలం ఆకుపచ్చ కలిసి మెరిసే ఈగ ఒకటి వచ్చి పుండు అంచున నూటయాభై రెండొందల గుడ్లు ఒక్క ముద్దగా పెట్టి పోతుంది. తెల్లగా, పొలుసులు అతికించినట్టు వరుసగా ఉంటాయి. సాయంత్రం పెట్టిన గుడ్లు మర్నాటికి పిల్లలైపోతాయి. పుండ్ల మీద వాలే మిగతా ఈగల పురుగులు ఎక్కువగా చచ్చిన కండ తింటాయి, దీని పురుగు బతికున్న కండ తింటుంది, తల లోపలికి పెట్టి తొలుచుకుంటూ పోతుంది. పైన చూస్తే చిన్న రంధ్రం, లోపల పెద్ద గొయ్యి. గేదె మేత మానేసి మాటిమాటికీ ఒకే చోట నాకుతున్నా, ఎర్రనీరు కారుతున్నా, ముక్కు మూసుకునేంత కంపు వస్తున్నా టార్చి వేసి చూడు, పురుగుల వెనక భాగాలు రంధ్రం లోపల కదులుతూ కనిపిస్తాయి.

అప్పుడు రేపు చూద్దాం అనుకోకు, ఆ రాత్రికే పని మొదలుపెట్టు. చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, పర్మాంగనేట్ నీళ్లతో కడిగి, దూది టర్పెంటైన్ నూనెలో తడిపి రంధ్రంలో పెట్టి కొద్ది నిమిషాలు ఆగితే ఊపిరాడక పురుగులు పైకొస్తాయి, శ్రావణంతో ఒక్కొక్కటీ తియ్యాలి. కంటి దగ్గర, మానం దగ్గర, పొదుగు మీద టర్పెంటైన్ పెట్టకు, ఆ మంట గొడ్లు భరించలేవు, అక్కడ డాక్టరుగారే చెయ్యాలి. తీసిన పురుగుల్ని నేల మీద పడెయ్యకు, అవి మట్టిలోకి దూరి మళ్లీ ఈగలై లేస్తాయి, కిరోసిన్ డబ్బాలో వెయ్యి. తర్వాత అయోడిన్, చుట్టూ ఈగలు వాలకుండా ఆయింట్‌మెంట్. లోపల రెండు మిగిలిపోయినా మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి పుండు మానేదాకా రోజూ విప్పి చూడాలి. కలరా ఉండల పొడి కూరొద్దు. దూడ పుట్టగానే బొడ్డుకి టింక్చర్ అయోడిన్ పెట్టడం అలవాటు చేసుకుంటే సగం గొడవ ఉండదు.

అమెరికాలో ఇలాంటిదే ఇంకో జాతి ఈగ ఉండేది. ఆడ ఈగ జీవితంలో ఒక్కసారే జతకడుతుందని కనిపెట్టి, మగ ఈగల్ని రేడియేషన్‌తో పిల్లలు పుట్టించలేకుండా చేసి లక్షల్లో వదిలారు, 1954లో కురసావ్ అనే దీవిలో మొదట దాన్ని లేకుండా చేశారు, తర్వాత అమెరికా దేశం మొత్తం మీద. నాకు ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. మనకి ఆ ఏర్పాటు లేదు, టార్చి, శ్రావణం, నీ కళ్లు, అంతే.

ఒక మాట మాత్రం ఒట్టు పెట్టి చెప్పించుకోవాలని ఉంది. మిరపతోటకి, పత్తికి కొట్టే మందు మిగిలిందని గొడ్ల మీద కొట్టొద్దు, పుండులో పొయ్యొద్దు, మన గుంటూరు జిల్లాలో ఏ ఇంటి వసారాలో చూసినా ఆ డబ్బాలు ఉంటాయి, పాలేరు మంచిదనుకునే కొట్టేస్తాడు. చొంగ కారుతూ, ఒణుకుతూ, ఊపిరి అందక పడిపోయిన గేదెల్ని చూశాను. నాకడం వల్ల కూడా విషం లోపలికి పోతుంది. ఆ డబ్బాలు చావిట్లో లేకుండా చెయ్యి.

కాలువ పక్కన కాబట్టి జోరీగలు నీకు తప్పవు. అవి నీళ్ల మీదికి వంగిన ఆకుల మీద గుడ్లు పెడతాయి, పిల్లలు బురదలో పెరుగుతాయి, ఆ బురదంతా నువ్వు ఎండబెట్టలేవు. కానీ వాటికి ఎండ ఇష్టం, చీకటిగా ఉన్న చావిట్లోకి పెద్దగా రావు. వానాకాలంలో మిట్టమధ్యాహ్నం గొడ్లని కాలువ గట్టున కట్టెయ్యకుండా లోపలికి తోలించు. ఇవి మోసేది సర్రా అనే రక్తంలో క్రిమి రోగం. ఆ క్రిమిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల, ఒంటెల రక్తంలో చూశాడు, అదే మన గేదెల్లోనూ ఉంది. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, పాలు తగ్గుతాయి, గేదె తింటున్నా చిక్కిపోతుంది, కళ్లు తెల్లబడతాయి, ముదిరితే గుండ్రంగా తిరిగి తల గోడకి ఆనిస్తుంది, చూడి గేదె ఈసుకుపోతుంది. జ్వరం ఉన్నప్పుడే రక్తం తీయించి స్లైడు చూపించు, జ్వరం తగ్గాక తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు. దీనికి మంచి ఇంజెక్షన్లు ఉన్నాయి, త్వరగా పడితే బతుకుతుంది. ఒకే సూదితో అన్నిటికీ ఇంజెక్షన్ చేసినా ఇది అంటుకుంటుంది, గొడ్డుకో సూది అని నువ్వే పట్టుబట్టు, ఎవరేమనుకున్నా సరే.

ఆవులకి లంపీ స్కిన్ టీకా మర్చిపోకు. 2019లో ఒడిశాలో మొదలై దేశమంతా తిరిగిన రోగం అది, కుట్టే ఈగలూ దోమలూ మోస్తాయి. ఆవుల మీదే దాని దెబ్బ ఎక్కువ, గేదెలకి తక్కువ. మూడు రోజుల జ్వరం దోమలది, నలుసంత కీటకాలది. సాయంత్రం వేపాకు పొగ వేస్తే కాస్త తగ్గుతాయి కానీ తలుపులు మూసి వెయ్యకు. గొర్రెలు కూడా కొంటానన్నావు, అప్పుడు నీలి నాలుక, ముక్కులో పురుగు గురించి వేరే రాస్తాను.

ఇక నువ్వడిగిన మందు. డెల్టామెత్రిన్ కానీ సైపర్‌మెత్రిన్ కానీ పశువులకని రాసి ఉన్న డబ్బానే కొను, అందులో రాసిన కొలతే కలుపు. కుట్టే ఈగకైతే గోడలకీ కొయ్యలకీ కొట్టించు, వీపు ఈగకైతే ఒంటికి. చల్లపొద్దున, గొడ్లు కడుపునిండా నీళ్లు తాగాక, గాట్లూ తొట్లూ మూసి. పుండు మీద పడకూడదు, కొట్టేవాడికి చేతితొడుగులు ఉండాలి. ప్రతిసారీ అదే మందు వాడితే ఈగలు దానికి లొంగడం మానేస్తాయి. పురుగులు చావడానికి వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ పాలిచ్చే గేదెకి డాక్టరుని అడక్కుండా వేయించొద్దు, ఆ మందు పాలల్లోకి దిగుతుంది, చెప్పిన రోజులు దాటేదాకా ఆ పాలు కేంద్రానికి పొయ్యకూడదు, ఇంట్లో పిల్లలకి అసలే వద్దు. రెండు పెద్ద ఫ్యాన్లు బిగించు, గాలికి ఈగ నిలవలేదు, గొడ్లకి కూడా చల్లగా ఉంటుంది.

ఫోనులో 1962 నంబరు పెట్టుకో, పశువుల అంబులెన్సు వస్తుంది. గన్నవరం వెటర్నరీ కాలేజీ మీకు దూరమేం కాదు. ఆదివారం మూలలన్నీ గీకించాక ఆ గడ్డిలో ఏం కనపడిందో ఫోటో తీసి పంపు, గేదెల కాళ్ల ఫోటో కూడా. చూసి ఏ ఈగో చెప్తాను, అప్పుడు కొందువుగాని డబ్బా.

మామయ్య, గుంటూరు