టెక్ సందేహాలు: లోగో తట్టని రాత్రి డౌన్‌లోడ్ బటన్ జోలికి వెళ్లకండి

ఈ మధ్య ఉత్తరాలు తెరిస్తే చాలు, ఒకటే గోడు. "లోగో చేస్తున్నాను, ఐడియా తట్టడం లేదు, ఏ సైట్ చూడమంటారు?" కొందరు యాప్ పేరు అడుగుతారు, ఇంకొందరు ఏఐ టూల్ చెప్పమంటారు. నెల తిరక్కుండా వాళ్లలోనే ఒకరిద్దరు మళ్లీ రాస్తారు, ఈసారి మెయిల్ అకౌంట్ చేజారిందని. ఈ రెండు రకాల ఉత్తరాలకూ సంబంధం ఉంది. అందుకే ఈ వారం మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: పది రోజులుగా ఒక లోగో మీదే కూర్చున్నాను. నాలుగు వందల లోగోలు సేవ్ చేసుకున్నాను. ఏం గీసినా ఎక్కడో చూసినట్టే ఉంటోంది. ఇంతకన్నా మంచి కలెక్షన్ ఎక్కడ దొరుకుతుంది?

ఇంకో కలెక్షన్ వద్దు. మీ చెయ్యి కట్టేసింది ఆ నాలుగు వందల బొమ్మలే. చూసిన నమూనాకే బుర్ర అతుక్కుపోవడం ఇది, డిజైన్ పరిశోధకులు దీన్ని 'డిజైన్ ఫిక్సేషన్' అంటారు. జాన్సన్, స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు 1991లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్లు పెట్టిన పరీక్షల్లో ఒకటి, ఒలకని కాఫీ కప్పు గీయడం. కొందరికి ముందే ఒక నమూనా చూపించారు. అందులో స్ట్రా ఉంది. స్ట్రా మాత్రం వాడొద్దని కూడా చెప్పారు. అయినా నమూనా చూసినవాళ్ల బొమ్మల్లోకి స్ట్రా వచ్చి చేరింది. వద్దని చెప్పిందే అలా వచ్చేస్తే, బాగుందని మీరు ఏరి దాచుకున్న నాలుగు వందల లోగోలు రాకుండా ఎలా ఉంటాయి?

పైగా ఈ గ్యాలరీ సైట్లు మీరు దేని దగ్గర ఆగారో చూసి దాన్నే మళ్లీ మళ్లీ వడ్డిస్తాయి. ఒక నక్క బొమ్మ దగ్గర రెండు సెకన్లు ఆగారనుకోండి, సాయంత్రానికి ప్రపంచంలో నక్కలు తప్ప ఇంకేమీ లేవన్నట్టు ఉంటుంది మీ స్క్రీన్. కొత్తదనం కోసం వెళ్లినవాళ్లను ఒకే మూలకు తోసే ఏర్పాటు ఇది.

నాకు నచ్చిన గుర్తులు ఎలా పుట్టాయో చూస్తే, వేరే లోగోలు చూసి పుట్టినవి దాదాపు లేవు. రీసైక్లింగ్ గుర్తునే తీసుకోండి. 1970లో గ్యారీ ఆండర్సన్ అనే విద్యార్థి ఒక పోటీ కోసం గీశాడు. మెలితిప్పి అంటించిన కాగితపు పట్టీ, లెక్కల్లో మోబియస్ పట్టీ అంటారే, దాని నుంచి వచ్చింది. బ్లూటూత్ గుర్తు ఒక పాతకాలపు రాజుగారి పొడి అక్షరాలు. హెరాల్డ్ బ్లూటూత్ పేరులోని హెచ్, బీలను రూనిక్ అనే పాత ఐరోపా లిపిలో రాసి ఒకదాని మీద ఒకటి పెట్టారు. శాంతి చిహ్నంగా ఇవాళ అందరికీ తెలిసిన గీతలు 1958లో వచ్చాయి. అవి జెండాలతో సైగలు చేసే సెమాఫోర్ పద్ధతిలో ఎన్, డీ అక్షరాలు, అంటే న్యూక్లియర్ డిసార్మమెంట్, అణు నిరాయుధీకరణ. వన్యప్రాణి సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ 1961లో పాండాను ఎంచుకుంది. లండన్ జూకి వచ్చిన చీ-చీ అనే పాండా అప్పట్లో అందరి నోటా నానుతోంది. దానికి తోడు, నలుపు తెలుపుల్లో ముద్రిస్తే ఖర్చు కలిసొస్తుందన్న లెక్క కూడా ఉంది. డబ్బు ఇబ్బంది ఒక మంచి గుర్తుకు దారి చూపించింది. ఈ కథ నాకు భలే ఇష్టం.

కాబట్టి సాఫ్ట్‌వేర్ మూసేయండి. క్లయింట్ పేరును కాగితం మీద చేత్తో ముప్పైసార్లు రాయండి, పెద్దవిగా, చిన్నవిగా, అక్షరాలు ఒకదానికొకటి తగిలేంత దగ్గరగా. అక్షరాలను కాదు, వాటి మధ్య ఖాళీలను చూడండి. 1994లో ఫెడెక్స్ లోగో చేసిన లిండన్ లీడర్‌కు బాణం దొరికింది అక్కడే, ఇంగ్లిష్ 'ఈ', 'ఎక్స్' అక్షరాల నడుమ ఖాళీలో. షరతులు కూడా ముందే పెట్టుకోండి: ఒక్క రంగులో నిలబడాలి, బ్రౌజర్ ట్యాబ్‌లో పదహారు పిక్సెళ్ల గడిలో పెట్టినా గుర్తుపట్టాలి. ఈ రెండింటితోనే మీ ఐడియాల్లో సగం రాలిపోతాయి. మిగిలినవాటి మీద పని చేయండి.

గీయడం అయ్యాక, ముందు కాదు, ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వారి గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్‌లో మీ బొమ్మ పెట్టి వెతకండి. ఉచితమే. ట్రేడ్‌మార్కుల్లోని బొమ్మలను వర్గాలుగా విడగొట్టే వియన్నా వర్గీకరణ అని ఒకటుంది, 1973 ఒప్పందంతో వచ్చింది. నక్షత్రాలు, మనుషులు, జంతువులు, మొక్కలు దేనికదే. మీ రంగంలో ఏ బొమ్మ కిక్కిరిసి ఉందో, ఎక్కడ చోటు ఖాళీగా ఉందో అక్కడ తెలిసినంత బాగా ఏ గ్యాలరీలోనూ తెలియదు.

ప్రశ్న: ఐడియాల కోసం ఒక సైట్ నుంచి 'ప్రీమియం లోగో ప్యాక్' ఫ్రీగా దించుకున్నాను. జిప్‌కు పాస్‌వర్డ్ ఉంది, అది పక్కనే ఇచ్చారు. లోపలి ఫైల్ క్లిక్ చేస్తే ఏమీ తెరుచుకోలేదు. రెండు రోజుల తర్వాత నా మెయిల్‌లోకి ఎవరో వచ్చారు. ఓటీపీ ఉన్నా ఎలా వచ్చారు? పాస్‌వర్డ్ మార్చినా మళ్లీ వచ్చారు.

ఏమీ తెరుచుకోలేదని మీరు అనుకున్నారు. తెరుచుకుంది, మీకు కనబడలేదంతే. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది సమాచారం దొంగిలించే ప్రోగ్రామే అయి ఉంటుంది. మీరు ఒకసారి లాగిన్ అయ్యాక సైట్ మీ బ్రౌజర్‌కు ఒక టోకెన్ ఇస్తుంది, ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగకుండా. ఈ ప్రోగ్రామ్ ఆ టోకెన్లనూ, బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్లనూ క్షణాల్లో మూటగట్టి పంపేస్తుంది. ఆ టోకెన్ ఉన్నవాడిని సైట్ మీరే అనుకుంటుంది. వాడికి ఓటీపీ అవసరమే రాదు.

ఇక పాస్‌వర్డ్ మార్చడం. అదే కంప్యూటర్‌లో మార్చారు కదా? అయితే కొత్తది కూడా వాడి చేతికే వెళ్లి ఉంటుంది. దయచేసి ఇంకో పరికరం తీసుకోండి, ఆ ఫైల్ ఎన్నడూ తాకనిది. అందులో నుంచి ముందు 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' కొట్టండి, అప్పుడు పాస్‌వర్డ్ మార్చండి. రికవరీ మెయిల్, ఫోన్ నంబర్ మీవేనా చూడండి. ఫార్వర్డింగ్, ఫిల్టర్లు తప్పకుండా చూడండి. మీ మెయిళ్లు తన దగ్గరకు చేరేలా నియమం పెట్టి వెళ్లడం దొంగలకు అలవాటు, చాలామంది ఇక్కడే మోసపోతారు. మీ అకౌంట్‌కు అనుమతి పొందిన తెలియని యాప్‌లుంటే తీసేయండి. బ్యాంకు, సోషల్ అకౌంట్లకూ ఇదే పని. ఆ కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం తుడిచి కొత్తగా వేయండి. యాంటీవైరస్‌తో ఒకసారి స్కాన్ చేసి ఊరుకోవడం నేను ఒప్పుకోను. మీ క్లయింట్లకు కూడా చెప్పండి, మొహమాటపడొద్దు. రేపు మీ పేరుతో వాళ్లకు ఇన్‌వాయిస్ వెళ్తే అప్పుడు చెప్పుకోవడం ఇంకా కష్టం.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతున్నది ఈ దొంగతనమే. లోగో తట్టక, డెడ్‌లైన్ ముంచుకొచ్చి, టెన్షన్‌లో అర్ధరాత్రి వెతికే మనిషి ఏది కనిపిస్తే అది నొక్కేస్తాడు. ఆ సంగతి దొంగలకు బాగా తెలుసు. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టేది మీ భద్రత కోసం కాదు, స్కానర్ లోపలికి చూడకుండా. ఫైల్‌ను కొన్ని వందల ఎంబీలకు ఉబ్బించేదీ అందుకే, పెద్ద ఫైళ్లను చాలా స్కానర్లు వదిలేస్తాయి. క్లయింట్ వేషంలో 'మా బ్రీఫ్, రిఫరెన్సులు ఇందులో ఉన్నాయి' అని జిప్ పంపేవాళ్లూ ఉన్నారు. ఫైల్ పేరు చివర, ఫాంట్ అయితే టీటీఎఫ్ లేదా ఓటీఎఫ్ ఉండాలి, వెక్టర్ బొమ్మ (ఎంత పెద్దది చేసినా చెదరని గీతల బొమ్మ) అయితే ఎస్‌వీజీ, ఏఐ (ఇది ఇలస్ట్రేటర్ ఫైల్, కృత్రిమ మేధ కాదు), ఈపీఎస్, పీడీఎఫ్ లాంటిది ఉండాలి. చివర ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్, ఎల్ఎన్‌కే, బీఏటీ ఉంటే అది బొమ్మ కాదు. ఎస్‌సీఆర్ అంటే స్క్రీన్‌సేవరే కదా అనుకోకండి, అది మామూలు ప్రోగ్రామ్ లాగే నడుస్తుంది.

ఇక్కడ నా కోపం తయారీదారుల మీద కూడా. ఎక్కువమంది వాడే డెస్క్‌టాప్ సిస్టమ్‌లో ఫైల్ పేరు చివరి ఎక్స్‌టెన్షన్‌ను, అంటే చుక్క తర్వాతి ఆ అక్షరాలను, మొదటి నుంచీ దాచి ఇస్తారు. ప్రోగ్రామ్‌కు పీడీఎఫ్ బొమ్మ తొడిగితే మామూలు మనిషి ఎలా పోల్చుకుంటాడు? ఇన్నేళ్ల నుంచి ఇన్ని కొంపలు మునుగుతున్నా ఆ సెట్టింగ్‌ను అలాగే ఉంచడం నిర్లక్ష్యం తప్ప మరొకటి కాదు. ఫోల్డర్ ఆప్షన్లలోకి వెళ్లి 'ఫైల్ ఎక్స్‌టెన్షన్లు చూపించు' ఇప్పుడే ఆన్ చేసుకోండి.

ఇంకొక్క మాట. ఐకాన్ల సైట్‌లో 'మీరు మనిషేనని నిరూపించుకోండి' అంటూ, రన్ బాక్స్ (కంప్యూటర్‌కు ఆదేశాలు టైప్ చేసే గడి) తెరిచి, ఏదో పేస్ట్ చేసి ఎంటర్ నొక్కమంటే వెంటనే ట్యాబ్ మూసేయండి. ఏ నిజమైన తనిఖీ కూడా అలా అడగదు. ఆ పేస్ట్ చేసేది మీ కంప్యూటర్‌కు మీ చేతులతోనే ఇచ్చే ఆదేశం. 'యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయండి' అనే దొంగ కాపీ, అంటే క్రాక్ సాఫ్ట్‌వేర్ గురించి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఉచితంగా దొరికే మంచి వెక్టర్ సాఫ్ట్‌వేర్లు ఉండగా ఆ పని ఎందుకు చేస్తారో నాకు అర్థం కాదు.

ప్రశ్న: ఎస్‌వీజీ అంటే బొమ్మే కదా, దాంతో కూడా ప్రమాదమా?

ఎస్‌వీజీ లోపల ఉండేది పిక్సెళ్లు కాదు, రాత. ఆ రాతలో స్క్రిప్ట్, అంటే కంప్యూటర్‌తో పని చేయించే ఆదేశాలు, కూడా పెట్టొచ్చు. బ్రౌజర్‌లో నేరుగా తెరిస్తే అది నడుస్తుంది. అందుకే మెయిల్‌లో వచ్చిన ఎస్‌వీజీ తెరవగానే నకిలీ లాగిన్ పేజీ ప్రత్యక్షమయ్యే మోసాలు జరుగుతున్నాయి. అనుమానం ఉంటే టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి, స్క్రిప్ట్ అనే మాట ఉందేమో వెతకండి. ఫాంట్లతోనూ ఇలాంటిది జరిగింది. 2011లో బయటపడిన డుక్యూ అనే హానికర ప్రోగ్రామ్ (మాల్వేర్) ఒక డాక్యుమెంట్‌లో దాచిన ఫాంట్ ద్వారా, సిస్టమ్‌లోని లోపాన్ని వాడుకుని చొరబడింది.

ప్రశ్న: ఏఐతో చేయించిన లోగోను అలాగే క్లయింట్‌కు ఇవ్వొచ్చా?

ఇవ్వకండి. మొదటి కారణం, చాలా టూల్స్ పిక్సెల్ బొమ్మే ఇస్తాయి, పెద్దది చేస్తే చెదిరిపోతుంది. దాన్ని ఆటో ట్రేస్ చేసి, అంటే సాఫ్ట్‌వేర్‌తోనే గీతలుగా మార్పించి, వెక్టర్ అంటే, వందల కొద్దీ అనవసరమైన పాయింట్లతో ఉంటుంది. రెండోది హక్కులు. మనిషి సృజన లేకుండా యంత్రమే చేసిన బొమ్మకు అమెరికా కాపీరైట్ కార్యాలయం రక్షణ ఇవ్వదు. రేపు ఎవరైనా అదే వాడుకుంటే మీ క్లయింట్ ఏం చేయగలడు? రెడీమేడ్ టెంప్లేట్లతోనూ ఇదే చిక్కు, అదే బొమ్మ ఇంకెందరికో ఇచ్చి ఉంటారు. మాటలు కూడగట్టుకోవడానికి మాత్రం ఏఐని వాడండి. "ఈ వ్యాపారానికి సంబంధించిన పనిముట్లు, కదలికలు, శబ్దాలు చెప్పు" అని అడిగితే మంచి జాబితా వస్తుంది. ఇంకా విడుదల కాని బ్రాండ్ పేరు మాత్రం అందులో టైప్ చేయకండి. అది క్లయింట్ రహస్యం, మీది కాదు.

ప్రశ్న: అప్‌డేట్ చేశాక నా డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో టూల్స్ చోటు మారిపోయాయి. తెరవగానే టెంప్లేట్లు, ఏఐ బటన్లు. ఉన్న ఆలోచన కూడా పోతోంది. అప్‌డేట్లు ఆపేయనా?

మీ బాధ నాకు తెలుసు, నేనూ పడుతున్నాను. తలలో ఒక ఆకారం మెదులుతుండగా సాఫ్ట్‌వేర్ తెరుస్తాం. ఖాళీ కాగితం బదులు పాతిక తయారు లోగోలు ఎదురొస్తాయి. మన ఆకారం అక్కడికక్కడే చెదిరిపోతుంది. పని చేసుకునే బల్ల మీద ఎవరో ప్రకటనల కట్ట పడేసి వెళ్లినట్టు ఉంటుంది. డిజైనర్ల కోసమే చేసిన పనిముట్టు ఇలా ప్రవర్తించడం అన్యాయం.

అంతకన్నా పెద్ద తప్పు, భద్రతా సవరణలనూ ఈ అలంకారాలనూ ఒకే అప్‌డేట్‌లో కట్టి ఇవ్వడం. టూల్స్ ఎక్కడికి పోతాయోనన్న భయంతో జనం అప్‌డేట్లే ఆపేస్తున్నారు. అప్పటికే సవరణ వచ్చిన లోపాల గుండా కూడా దొంగలు దూరేది అలా ఆపేసిన సిస్టమ్‌లోకే. భద్రతా సవరణ విడిగా రావాలి, వెంటనే రావాలి, ఒక్క బటన్ కూడా కదపకూడదు. డబ్బు కట్టి వాడేవాళ్లు ఈ మాట తయారీదారులకు గట్టిగా రాయాలి. నేను రాశాను.

మీరు మాత్రం అప్‌డేట్లు ఆపొద్దు. పని మధ్యలో కాకుండా, ఒక లోగో అప్పగించాక, రెండోది మొదలుపెట్టకముందు వేసుకోండి. అంతకుముందే వర్క్‌స్పేస్‌ను, అంటే మీ టూల్స్ అమరికను, సేవ్ చేసుకుంటే టూల్స్‌ను మళ్లీ మీ చోట్లకు తెచ్చుకోవచ్చు. చాలా సాఫ్ట్‌వేర్లలో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్తే హోమ్ స్క్రీన్ లేదా స్టార్ట్ స్క్రీన్ చూపించాలా అనే గడి ఉంటుంది. అందులో టిక్ తీసేయండి, తెరవగానే టెంప్లేట్ల గొడవ ఉండదు.