నీటి అడుగున కెమెరా: మూరెడు దూరం లెక్క

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నీళ్లలో చిన్న కెమెరాలతో ఫొటోలు తీయడం గురించే. అడిగినవారిలో చాలామంది చేతిలో ఉన్నది ఒలింపస్ టఫ్ టీజీ-6, లేదా దాని తర్వాత 2023లో ఓఎం సిస్టమ్ పేరుతో వచ్చిన టీజీ-7. రెండింటి వాడకం దాదాపు ఒకటే కాబట్టి జవాబులు వాటినే దృష్టిలో పెట్టుకుని ఇస్తున్నాం. వేరే కెమెరా ఉన్నవారికి మెనూ పేర్లు మారతాయి, వెలుగు లెక్క మాత్రం అదే.

ప్రశ్న: కిందటి ఏడాది అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో స్నార్కెలింగ్ (నీటిపైన తేలుతూ, గొట్టంతో ఊపిరి పీలుస్తూ ఈదడం) చేస్తూ రెండు వందల ఫొటోలు తీశాను. అన్నీ నీలం ముద్దలే. కళ్లతో చూసిన రంగులు ఒక్కదాన్లోనూ లేవు. ఈ ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తున్నాం. ఏ సెట్టింగ్ పెట్టుకోవాలి? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: సెట్టింగ్ కన్నా ముందు దూరం సంగతి చూడండి. నీళ్లు అన్నిటికన్నా ముందు ఎరుపును మింగేస్తాయి. అయిదు మీటర్లు దిగేసరికే అందులో చాలా భాగం పోతుంది. ఆ తర్వాత నారింజ, ఇంకా కిందికి వెళ్తే పసుపు. పది మీటర్ల లోతులో కుంకుమరంగు వెట్‌సూట్ పట్టీ నల్లటి గోధుమరంగులో కనిపిస్తుంది. చాలామంది మరచిపోయేది ఇంకొకటుంది: ఈ లెక్క లోతుకే కాదు, అడ్డంగా ఉన్న నీటికీ వర్తిస్తుంది. మూడు మీటర్ల లోతులో ఉన్న పగడాన్ని పైనుంచి తేలుతూ తీశారనుకోండి. ఎండ మూడు మీటర్లు దిగి, మళ్లీ మూడు మీటర్లు ఎక్కి మీ లెన్స్‌కు చేరింది. ఆరు మీటర్ల నీళ్లు దాటాక ఎరుపు పెద్దగా మిగలదు. కంటికి రంగులు కనిపించాయంటే మన మెదడు ఆ తేడాను సర్దుకుంటుంది కాబట్టి. కెమెరా అలా సర్దుకోదు.

అందుకే జానెడు, మూరెడు, బారెడు అని మూడు దూరాలు పెట్టుకోండి. జానెడులో ఉన్న చిన్న ప్రాణికి ఫ్లాష్ బాగా అందుతుంది. మూరెడులో కూడా ఫ్లాష్ రంగు తెస్తుంది. బారెడు దాటిన దేనికీ కెమెరాలో ఉన్న ఫ్లాష్ పనికిరాదు, ఆపేయండి. జూమ్ చేస్తే మధ్యనున్న నీళ్లు తగ్గవు. అందుకని జూమ్ ముట్టకుండా వైడ్‌లోనే ఉంచి మీరే దగ్గరికి వెళ్లండి. నీళ్లలో వస్తువులు ఉన్నదానికన్నా దగ్గరగా, పెద్దగా కనిపిస్తాయి కనుక ‘చాలా దగ్గరికి వచ్చేశాను’ అనిపించినప్పుడు ఇంకాస్త ముందుకు జరగవచ్చు.

ఇక సెట్టింగులు. డయల్ మీద సీ1, సీ2 అని రెండు కస్టమ్ స్థానాలుంటాయి. గదిలో కూర్చుని వీటిని నింపుకోండి. నీళ్లలో మెనూలు వెతుక్కుంటూ ఉంటే చేప ఆగదు.

సీ1 దూరపు దృశ్యాలకు: ‘ఏ’ (A) మోడ్, అంటే అపెర్చర్‌ను (వెలుగు వచ్చే రంధ్రం సైజును) మనమే ఎంచుకునేది; అపెర్చర్ ఎఫ్ 2, ఫ్లాష్ ఆఫ్, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) ఆటో, పై హద్దు 800. వైట్ బ్యాలెన్స్‌లో (వెలుగు రంగును సరిచేసే సెట్టింగులో) నీటికని మూడు రకాలున్నాయి: షాలో, మిడ్‌రేంజ్, డీప్. స్నార్కెలింగ్‌కు షాలోతో మొదలుపెట్టి, నీలం తేలుతుంటే మిడ్‌రేంజ్‌కు మారండి. తెల్లటి ఇసుక, మిట్టమధ్యాహ్నపు ఎండ ఉంటే ఎక్స్‌పోజర్ మైనస్ 0.3 నుంచి మైనస్ 0.7 దాకా తగ్గించండి, లేకపోతే ఇసుక తెల్లకాగితంలా వెలిసిపోతుంది. సీ2 దగ్గరి వాటికి: ఫ్లాష్ ఆన్, ఐఎస్ఓ 100 లేదా 200, ఫోకస్ స్పాట్, వైట్ బ్యాలెన్స్ ఆటో. ఇక్కడ పొరపాటు చేయకండి. ఫ్లాష్ వెలుగులో ఎరుపు ఎలాగూ ఉంటుంది. దానికి తోడు నీటి వైట్ బ్యాలెన్స్ కూడా పెడితే చేప ఇటుకరంగుకు తిరుగుతుంది. రెండింటిలోనూ రా (RAW, కెమెరా సవరించని అసలు ఫైలు), జేపెగ్ కలిపి దాచేలా పెట్టండి.

ప్రశ్న: ముందూ వెనకా అంతా స్పష్టంగా రావాలని ఎఫ్ 8 పెట్టాను. ఫొటోలు చీకటిగా, అలికినట్టు వచ్చాయి. ఎందుకు? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: పెద్ద కెమెరాల అలవాటు ఇక్కడ మోసం చేసింది. టీజీ-6లో వైడ్ దగ్గర మూడే అపెర్చర్లు: ఎఫ్ 2, ఎఫ్ 2.8, ఎఫ్ 8. ఆ మూడోదానికి కెమెరా లోపలి రంధ్రాన్ని చిన్నది చేయదు, వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్‌ను అడ్డం పెడుతుంది. స్పష్టత లోతు పెరగదు, వెలుగు మాత్రం ఎఫ్ 2.8తో పోలిస్తే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఎఫ్ 2.8 దగ్గర సెకనులో 400వ వంతు ఉన్న షట్టర్ 50వ వంతుకు దిగుతుంది. అలలో ఊగుతున్న చేతికి, కదిలే చేపకు అది చాలదు. సెన్సర్ చిన్నది కాబట్టి ఎఫ్ 2 దగ్గరే మీకు కావాల్సినంత స్పష్టత లోతు వస్తుంది. ఈ కెమెరాలో షట్టర్ వేగాన్ని నేరుగా ఎంచుకునే మోడ్ లేదు. 125వ వంతు కన్నా తగ్గుతుంటే ఐఎస్ఓను చేత్తో 400కు పెంచండి, వేగం దానంతటదే పెరుగుతుంది.

ప్రశ్న: రుషికొండ దగ్గర డైవ్ చేశాను. ఫ్లాష్ వేసిన ప్రతి ఫొటోలోనూ మంచు కురిసినట్టు తెల్లచుక్కలు. కెమెరా లోపమా? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: కెమెరాది కాదు. మన తీరపు నీళ్లలో ఇసుక రేణువులు, ప్లాంక్టన్ ఎక్కువ. ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉండటంతో దాని వెలుగు మధ్యలో తేలుతున్న ప్రతి రేణువునూ ముందునుంచి కొట్టి తిన్నగా వెనక్కి వస్తుంది. మంచులో కారు హైబీమ్ వేస్తే ఎదుటంతా తెల్లబడుతుందే, అదే సంగతి. అలాంటి నీళ్లలో మూరెడు దాటిన దేనికీ ఫ్లాష్ వేయకండి. ఎండ మీ వీపు వెనక ఉండేలా తిరిగి, సహజ వెలుగులో తీయండి. ఫ్లాష్ తప్పదనుకుంటే విడిగా చేయిలాంటి స్టాండుపై బిగించే స్ట్రోబ్ (బయటి ఫ్లాష్) వాడి, దాన్ని కెమెరాకు పక్కగా, కాస్త వెనక్కి, కొద్దిగా బయటివైపు తిప్పి పెట్టాలి. వెలుగు అంచు మాత్రమే చేపను తాకాలి, మధ్యనున్న నీళ్లు చీకటిగానే ఉండాలి. ఇంకో మాట: ఆ రేణువుల్లో చాలావరకు మన ఫిన్స్ (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు) లేపినవే. నేలకు దగ్గరగా మోకాళ్లు వంచి, కప్పలా తన్నుతూ ఈదితే అడుగు కదలదు.

చుక్కలు అన్ని ఫొటోల్లోనూ ఒకేచోట ఉంటే మాత్రం అవి రేణువులు కావు, లెన్స్ ముందు గాజుకు అంటిన గాలి బుడగలు. నీళ్లలోకి దిగగానే వేలితో ఒకసారి తుడవండి.

ప్రశ్న: క్లౌన్‌ఫిష్ ఒక్కటీ స్పష్టంగా రాలేదు. మా అమ్మాయి అడిగిందే ఆ ఒక్క ఫొటో. (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: ఈసారి తప్పక వస్తుంది. ఆ చేప తను ఉండే ఎనిమోన్‌ను (పువ్వులా కనిపించే సముద్ర ప్రాణిని) వదిలి దూరం పోదు, అదే మీకు అనుకూలం. వెంటపడకండి. ఒకచోట ఆగి ఒక నిమిషం చూడండి. ముందుకొచ్చి మిమ్మల్ని బెదిరిస్తుంది, చప్పున వేళ్లలాంటి తీగల్లోకి దూరుతుంది, మళ్లీ దాదాపు అదే దారిలో బయటికొస్తుంది. అది బయటికొచ్చే చోట, మీకు అంతే దూరంలో ఉన్న ఎనిమోన్ అంచు మీద షట్టర్ సగం నొక్కి ఫోకస్ పట్టి ఉంచండి. చేప అక్కడికి వచ్చి మీవైపు తిరిగినప్పుడు పూర్తిగా నొక్కండి. కంటిలో చిన్న మెరుపు ఉన్న ఫొటోనే ఉంచుకోండి. చేప ఎత్తులోకి కెమెరాను దించండి. పైనుంచి తీస్తే వీపు తప్ప ఏమీ రాదు.

చిటికెన వేలి గోరంత నత్తలకు మైక్రోస్కోప్ మోడ్ ఉంది, సెంటీమీటరు దూరం నుంచి ఫోకస్ అవుతుంది. కానీ అంత దగ్గర లెన్స్ నీడే దాని మీద పడుతుంది. నాలుగైదు సెంటీమీటర్లు వెనక్కి వచ్చి కొంచెం జూమ్ చేయండి. జూమ్‌కు మేం ఒప్పుకునే సందర్భం ఇదొక్కటే. ఫోకస్ కోసం పగడం మీద చెయ్యి ఆనించకండి. గట్టి పగడాలకు, సీహార్స్‌కు 2001 నుంచి మన వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ రక్షణ ఉంది. చట్టం మాట పక్కనపెట్టినా, ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మ ఒక మోచేతి తాకిడికే విరుగుతుంది.

ప్రశ్న: ఎర్ర ఫిల్టర్ కొనాలా? (మస్కట్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వీడియోకు పనికొస్తుంది. తేట నీళ్లు, మంచి ఎండ, సుమారు 5 నుంచి 15 మీటర్ల లోతు ఉండాలి. ఫిల్టర్ లేని ఎరుపును పుట్టించలేదు, నీలాన్ని, పచ్చను కోసి సమం చేస్తుంది. అంటే వెలుగు తగ్గుతుంది. ఫ్లాష్ గానీ టార్చ్ గానీ వేసేటప్పుడు దాన్ని తీసేయాలి. ఫొటోలకైతే రా ఫైలు ఉంటే ఫిల్టర్ అవసరం తక్కువ. కంప్యూటర్లో వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌ను తెల్ల ఇసుక మీదో, ఎయిర్ సిలిండర్ బూడిదరంగు మీదో నొక్కి, టింట్‌ను కొద్దిగా మెజెంటా వైపు జరిపితే చాలావరకు సర్దుకుంటుంది. వీడియోకు ఆ వీలు తక్కువ కనుక అక్కడికక్కడే తెల్లపలక చూపించి వైట్ బ్యాలెన్స్ పట్టండి. లోతు మూడు, నాలుగు మీటర్లు మారినప్పుడల్లా మళ్లీ పట్టాలి.

ప్రశ్న: కెమెరా 15 మీటర్ల వరకు ఆగుతుందంటారు. హౌసింగ్ (కెమెరాను పెట్టే, నీళ్లు చొరని పెట్టె) కొనాలా? నీళ్లు దూరితే? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: మొదటిసారి చేసే డిస్కవర్ డైవ్ 12 మీటర్లకు మించదు, కెమెరా ఒక్కటే చాలు. అయితే తీసుకెళ్లనివ్వాలా వద్దా అన్నది మీ ఇన్‌స్ట్రక్టర్ నిర్ణయం. ఓపెన్ వాటర్ (డైవింగ్‌లో తొలి స్థాయి) సర్టిఫికెట్ ఉంటే 18 మీటర్ల దాకా దిగుతారు, అప్పుడు 45 మీటర్ల హౌసింగ్ తప్పదు.

నీళ్లు దూరడానికి కారణం ఎక్కువగా ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు. కెమెరా తలుపుల రబ్బరుకు గ్రీజు రాయకండి. పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, ఏడాదికోసారి సర్వీసులో మార్పించండి. గ్రీజు హౌసింగ్ ఓ-రింగ్‌కు (నీళ్లను ఆపే రబ్బరు రింగుకు) మాత్రమే. దాన్ని సూదితో కాక ప్లాస్టిక్ కార్డు అంచుతో తీసి, గాడిని తుడిచి, పెసరగింజంత సిలికాన్ గ్రీజు తీసుకుని వేళ్ల మధ్య లాగుతూ పట్టించండి. రింగు మెరిస్తే చాలు. నీటిని ఆపేది ఒత్తుకున్న రబ్బరే, గ్రీజు కాదు. ఎక్కువైతే మట్టిని పట్టుకుంటుంది. మూసేముందు వేలికొనను రింగు చుట్టూ పోనిచ్చి గరుకు ఉందేమో చూడండి. కెమెరా పెట్టకుండా, లోపల టిష్యూ కాగితం పెట్టి బకెట్‌లో మూడు నిమిషాలు ముంచి పరీక్షించండి. కెమెరాను ఏసీ గదిలో పొడి గాలిలో అమర్చి, పక్కన సిలికాజెల్ పొట్లం పెట్టండి. పడవ మీద తెరిస్తే ఉక్క గాలి లోపల చిక్కి, చల్లటి నీళ్లలో గాజుకు ఆవిరి పడుతుంది.

డైవ్ మధ్యలో లోపల నీటిచుక్క కనిపిస్తే లెన్స్ కిందికి ఉండేలా పట్టుకోండి, నీళ్లు ముందు గాజు దగ్గర చేరి కెమెరాకు దూరంగా ఉంటాయి. గైడ్‌కు సైగ చేసి, మామూలు వేగంతోనే పైకి రండి. కెమెరా కోసం వేగంగా ఎక్కితే ఊపిరితిత్తులకు ప్రమాదం. పైకి వచ్చాక ఆరబెట్టి తెరిచి, వెంటనే బ్యాటరీ తీయండి, ఆన్ చేసి చూడకండి.

అంతా బాగున్నా సరే, డైవ్ అయ్యాక మూసిన తలుపులతోనే అరగంట మంచినీళ్లలో నానబెట్టి, మునిగి ఉండగానే ప్రతి బటన్‌నూ పదేసిసార్లు నొక్కండి. బటన్ కింద ఎండిన ఉప్పు తర్వాతి డైవ్‌కు ఇసుక రేణువులాగే పనిచేస్తుంది. తలుపును పూర్తిగా ఆరాకే, అదీ తడి లేని చేతులతో తెరవండి.