డామినోస్ రూల్స్ ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతున్నారు, ఏ ఆటతో మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే రెండేళ్ల కిందట నాదీ ఇదే ప్రశ్న. సెట్ కొన్నారు, లోపలున్న కాగితంలో నాలుగు లైన్లు తప్ప ఏమీ లేవు, వీడియోలు చూస్తే ఒకరు చెప్పిన రూల్‌ని ఇంకొకరు కాదంటున్నారు, ఇంతకీ అసలైన ఆట ఏది అని కదా అడిగారు. అసలైన ఆట అంటూ ఏదీ లేదండి. పేక కట్ట కొనుక్కొచ్చి "రూల్స్ చెప్పండి" అంటే "ఏ ఆటకి?" అని అడుగుతారు కదా, ఇదీ అంతే. పైగా ఇక్కడ ఒకే పేరుతో రెండు రకాల ఆటలు, ఒకే ఆటకి మూడు పేర్లు. అందుకని నేను ఆడినవీ, ఆడుతూ పోట్లాడుకున్నవీ చెబుతాను. ముక్కల్ని నిలబెట్టి వరసగా పడగొట్టడం గురించైతే నన్నడక్కండి, అది మా పిల్లల డిపార్ట్‌మెంట్.

ముందు మీ దగ్గరున్న సెట్ సంగతి. డబుల్ సిక్స్ అంటే 28 ముక్కలు. ప్రతి ముక్కకీ రెండు సగాలు, ఒక్కో సగంలో ఖాళీ నుంచి ఆరు దాకా చుక్కలు. రెండు వైపులా ఒకే అంకె ఉంటే అది డబుల్. ఏ రెండు ముక్కలూ ఒకేలా ఉండవు. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఒక్కటే: ఏ అంకె తీసుకున్నా అది సరిగ్గా ఏడు ముక్కల మీదే ఉంటుంది. ఖాళీకి కూడా ఇదే లెక్క. దీని విలువ కాసేపట్లో తెలుస్తుంది. ఇంకా పెద్ద సెట్లు కూడా ఉన్నాయి, డబుల్ నైన్‌లో 55 ముక్కలు, డబుల్ ట్వెల్వ్‌లో 91. వాటి జోలికి ఇప్పుడే వెళ్లకండి.

మొదట బ్లాక్ అనే ఆట ఆడండి. ఇద్దరు, చెరి ఏడు ముక్కలు. మిగతా 14 బోర్లించి పక్కన పెట్టేయండి, వాటిని ఎవరూ ముట్టుకోరు. పెద్ద డబుల్ ఉన్నవాళ్లు మొదలుపెడతారు. ఆ తర్వాత వరస రెండు చివర్లలో దేనికైనా అంకె కలిసే ముక్క వేయాలి, 4 ఉన్న చివరకి 4 ఉన్న ముక్క. డబుల్‌ని అడ్డంగా పెడతారు. కలిసేది లేకపోతే పాస్. ముందు చెయ్యి ఖాళీ చేసినవాళ్లు గెలిచినట్టు, ఎదుటివాళ్ల చేతిలో మిగిలిన చుక్కలన్నీ వీళ్లకి పాయింట్లు. ఇద్దరూ వేయలేని పరిస్థితి వస్తే ఆట మూసుకుపోయినట్టు, అప్పుడు ఎవరి చేతిలో చుక్కలు తక్కువుంటే వాళ్లది గెలుపు.

చదివితే "ఇంతేనా, ఇది చిన్నపిల్లల ఆట కదా" అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, వరసగా పది ఆటలు ఓడిపోయేదాకా. నన్ను ఓడించింది మా బావమరిది. అతను చేసేదల్లా ఏడు లెక్కపెట్టడం. ఒక ఆట నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. 6 ఉన్న ముక్కలు నాలుగు అప్పటికే బల్ల మీదున్నాయి. వరస ఒక చివర 6, ఇంకో చివర 2. నా చేతిలో 6 ఒక్కటీ లేదు, కాబట్టి మిగిలిన మూడూ అతని దగ్గరో, పక్కన బోర్లించినవాటిలోనో ఉండాలి. నేను అదేమీ ఆలోచించకుండా రెండో చివర 2-1 వేశాను. అతను 1 పక్కన 1-6 పెట్టాడు. రెండు చివర్లా 6. ఇంకా బయటికి రావాల్సిన 6లు రెండే, వాటిలో 6-0 అతని చేతిలోనే ఉంది. నేను పాస్. అతను నింపాదిగా టీవీ చూసి, నీళ్లు తాగి, 6-0 వేశాడు. ఆ 2 దగ్గర 1 గానీ ఖాళీ గానీ కాక వేరే ఏం వేసినా అతనికి ఆ అవకాశం ఉండేది కాదు. ఆ రోజు అర్థమైంది, ఈ ఆటలో నా ముక్కలకన్నా కనబడని ముక్కలే ముఖ్యమని.

బ్లాక్ ఒంటబట్టాక డ్రా. తేడా ఒక్కటే: కలిసే ముక్క లేకపోతే పాస్ అనడానికి లేదు, పక్కనున్న కుప్పలోంచి దొరికేదాకా తీసుకుంటూనే ఉండాలి. ఆ కుప్పని బోన్‌యార్డ్ అంటారు. ఇద్దరైతే ఏడేసి, ముగ్గురు నలుగురైతే ఐదేసి ముక్కలు పంచుకుంటారు. సరిగ్గా ఇక్కడే తగువులు మొదలవుతాయి. కొందరు ఒక్క ముక్కే తీయాలంటారు, కొందరు దొరికేదాకా అంటారు. చివరి రెండు ముక్కలు ముట్టుకోకూడదని చాలామంది పాటిస్తారు, మా ఇంట్లో మాత్రం కుప్ప మొత్తం ఖాళీ చేస్తాం. చేతిలో వేయగలిగే ముక్క ఉండి కూడా కావాలని కుప్పలోంచి తీయొచ్చా? ఆట మూసుకుపోతే గెలిచినవాళ్లకి ఎదుటివాళ్ల చుక్కలన్నీ ఇవ్వాలా, తేడా మాత్రమే ఇవ్వాలా? నా చేతిలో 9, మీ చేతిలో 14 ఉంటే నాకు 14 రావాలా 5 రావాలా? రెండూ ఎక్కడో ఒకచోట చెల్లేవే. ఒక పండగ రోజు దీని మీదే మాటా మాటా పెరిగి సగంలో బల్ల ఎత్తేశాం. అప్పట్నుంచి ముక్కలు కలపకముందే ఈ సంగతులు తేల్చుకుంటున్నాం. మీరు చూసిన వీడియోల్లో ఎవరూ తప్పు చెప్పి ఉండకపోవచ్చు, వాళ్ల వాళ్ల ఇంట్లో ఆడే తీరు చెప్పి ఉంటారు.

నాకు బాగా ఇష్టమైంది ఆల్ ఫైవ్స్. దీన్నే మగ్గిన్స్ అని కూడా అంటారు. ఆడే పద్ధతి డ్రాలాగే, కానీ పాయింట్లు ఆట మధ్యలోనే వస్తాయి. మీరు ముక్క వేశాక తెరిచి ఉన్న చివర్ల చుక్కలు కూడండి. మొత్తం 5తో భాగించబడితే అన్ని పాయింట్లూ మీవే. డబుల్ చివర్లో ఉంటే దాని రెండు సగాలూ లెక్కలోకి వస్తాయి, కొత్తవాళ్లందరూ మర్చిపోయేది ఇదే. ఉదాహరణకి మొదటి ముక్క 6-4 వేస్తే అక్కడికక్కడే 10. తర్వాత 4 పక్కన 4-4 వస్తే చివర్లు 6, 8, మొత్తం 14, ఏమీ లేదు. 6 పక్కన 6-1 వస్తే 1, 8, మొత్తం 9, మళ్లీ ఏమీ లేదు. అప్పుడు 1 పక్కన 1-2 వేస్తే 2, 8, పది పాయింట్లు.

ఈ 1-2 వేసింది నేనే. డబుల్ నాలుగుని నాలుగనుకుని, రెండూ నాలుగూ ఆరు, ఏమీ రాలేదని ఊరుకున్నాను. వెంటనే బావమరిది బల్ల మీద చెయ్యి కొట్టి "మగ్గిన్స్ బావా, ఆ పది నావి" అన్నాడు. ఎదుటివాళ్లు లెక్క తప్పి వదిలేసిన పాయింట్లని పట్టుకుని మనం కాజేయొచ్చు, ఆ పేరు పెట్టి ఆడేటప్పుడు అదే రూల్. నాకు ముందు చెప్పలేదని ఎంత మొత్తుకున్నా వినలేదు. పిల్లలతో ఆడేటప్పుడు మాత్రం ఈ రూల్ తీసేస్తాం, లేకపోతే ఏడుపులే. ఇందులోనే స్పిన్నర్ అని ఇంకో మెలిక ఉంది: మొదట పడిన డబుల్‌కి రెండు పక్కలా ముక్కలు పడ్డాక దాని పైకీ కిందికీ కూడా కొమ్మలు వేయొచ్చు. అప్పుడు కూడాల్సినవి నాలుగు చివర్లు. మొదటి వారం స్పిన్నర్ లేకుండానే ఆడుకోండి, తల వేడెక్కదు. చెయ్యి ఖాళీ అయినవాళ్లకి ఎదుటివాళ్ల చుక్కల్ని దగ్గరి ఐదుకి సర్ది ఇస్తారు, 13 ఉంటే 15, 12 ఉంటే 10. ఎంతకి ఆట అనేది మీ ఇష్టం, మేం 150కి ఆడతాం.

బ్రిటన్ పబ్బుల్లో దీనికి చుట్టమైన ఫైవ్స్ అండ్ త్రీస్ ఆడతారు. అక్కడ మొత్తంలో ఎన్ని ఐదులుంటే అన్ని, ఎన్ని మూడులుంటే అన్ని పాయింట్లు. చివర్లు కలిపి 15 వస్తే మూడు ఐదులు, ఐదు మూడులు, వెరసి 8. 61కి సరిగ్గా చేరాలి, దాటకూడదు. 60 దగ్గర ఒక్క పాయింట్ కోసం కూర్చోవడం ఎంత నరకమో ఆడితేగానీ తెలియదు.

నలుగురు దొరికితే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి జట్ల ఆట ఆడండి. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు ఒక జట్టు. తలా ఏడు ముక్కలు పంచితే 28 అయిపోతాయి, కుప్పే ఉండదు. ఆడేది బ్లాకే, కానీ ఇక్కడ పాస్ అంటే పెద్ద వార్త. వరస చివర్లు 4, 2 ఉన్నప్పుడు మీ కుడిపక్కాయన పాస్ అన్నాడంటే ఆయన దగ్గర ఆ రెండు అంకెలూ లేవని నలుగురికీ తెలిసిపోయింది. ఇక ఆయన వంతు వచ్చేసరికి మళ్లీ 4, 2 నిలబడేలా మీరు చూస్తారు, మీ జట్టువాడు దాన్ని అర్థం చేసుకోవాలి. మాట్లాడకూడదు, సైగలు చేయకూడదు. నా జోడీ మా ఆవిడ, నేను ఎప్పుడు ఏం తప్పు వేశానో ఇంటికెళ్లాక వరసగా చెబుతుంది. క్యూబాలో చాలాచోట్ల ఇదే ఆటని డబుల్ నైన్‌తో ఆడతారు, తలా పది తీసుకుంటే 15 బయటే ఉండిపోతాయి, దాంతో లెక్కకి అందనివి ఎప్పుడూ కొన్ని మిగులుతాయి.

ఆరేడుగురు ఉన్నప్పుడు మెక్సికన్ ట్రెయిన్. దీనికి డబుల్ ట్వెల్వ్ సెట్ కావాలి. మధ్యలో 12-12 పెట్టి, ఎవరి రైలు వాళ్లు తమ వైపు కట్టుకుంటూ పోతారు. అందరూ వేసుకోగలిగే రైలు ఒకటి విడిగా ఉంటుంది, ఆట పేరు దానిదే. వేయడానికి లేకపోతే ఒక ముక్క తీసి, అదీ పనికిరాకపోతే మీ రైలు మీద ఒక నాణెం పెట్టాలి. ఇక దాని మీద ఎవరైనా వేసుకోవచ్చు, మీరు మళ్లీ మీ రైలుకి ముక్క వేసేదాకా. డబుల్ పడితే దాన్ని ఎవరో ఒకరు కప్పేదాకా వేరేచోట ఆడకూడదు. తర్వాతి రౌండ్ 11-11తో, అలా ఖాళీ డబుల్ దాకా 13 రౌండ్లు. చివరికి చుక్కలు తక్కువున్నవాళ్లే విజేత. సరదాగానే ఉంటుంది, కానీ 13 రౌండ్లు పూర్తయ్యేసరికి సగంమంది నిద్రపోతారు. మేం ఆరుకే ఆపేస్తాం.

మాటడార్ అని ఒక వింత ఆట కూడా ఉంది, అందులో అంకెలు కలవకూడదు, రెండూ కూడితే 7 రావాలి. రెండుసార్లు ఆడాం, మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు.

సెట్‌ని ఎప్పుడు తీసినా ముక్కలు లెక్కపెట్టుకోండి. మేం చాలాకాలం ఇద్దరమే ఆడుతుండటంతో ఒకటి పోయిందని గమనించలేదు. ఓసారి నలుగురికి పంచితే నాలుగోవాళ్లకి ఆరే వచ్చాయి. పోయింది ఏదో ఎలా తెలుసుకోవాలి? మా అమ్మాయి ముక్కలన్నీ మామూలు ఆటలాగే అంకెకి అంకె కలుపుతూ ఒకే వరసగా పేర్చింది. మధ్యలో ఇరుక్కున్నచోట వరసని విడదీసి, మిగిలినవాటిని లోపలికి దూర్చింది. 28 ముక్కలూ ఉంటే అలా పేర్చిన వరస రెండు చివర్లా ఒకే అంకె వస్తుంది. మాకు ఒక చివర 3, ఇంకో చివర 5 వచ్చాయి. అంటే పోయింది 3-5. పోయింది డబుల్ అయితే ఇలా తెలియదు గానీ, ఏడు డబుల్స్ ఉన్నాయో లేదో ఇట్టే చూసుకోవచ్చు.

అంతకు వారం ముందు, కుప్ప ఖాళీ అయ్యాక, 3-5 కచ్చితంగా బావమరిది చేతిలోనే ఉందని ఏడూ లెక్కపెట్టి మరీ, దానికి భయపడి ఆడి ఓడిపోయాను. ఆ ముక్క ఇప్పటికీ దొరకలేదు. అట్ట కత్తిరించి, పెన్నుతో చుక్కలు పెట్టి ఒకటి తయారుచేశాం. ఎంత బోర్లించినా అట్ట అట్టే కాబట్టి, 3-5 ఎవరికి వెళ్లిందో మా ఇంట్లో ఆట మొదలవకముందే అందరికీ తెలుస్తుంది.