యువ రచయితకు లేఖ: ఎవరికి ఏ రోజు తెలిసింది?

తమ్ముడికి,

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు గ్రెగ్ హార్డీ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటూ, డల్లాస్ కౌబాయ్స్ జట్టు ప్రాక్టీస్ చేసే 'ద స్టార్' మీదుగా రోజూ ఆఫీసుకు వెళ్తూ, అమెరికన్ ఫుట్‌బాల్ గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. ఆ చుట్టుపక్కల మన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పిల్లలు కౌబాయ్స్ జెర్సీలు వేసుకుని తిరుగుతారు, అమ్మానాన్నలకేమో డౌన్ అంటే ఏమిటో కూడా సరిగ్గా తెలియదు. ఆట నియమాలు వాళ్లు ఎలాగోలా తెలుసుకుంటారు. కానీ ఆ జెర్సీ మీద పేరున్న మనిషి మైదానం బయట ఎలా ఉంటున్నాడో, తప్పు చేస్తే లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) ఏం చేస్తుందో మన భాషలో వివరంగా రాసేవాళ్లు దాదాపు లేరు. అందుకే నీ వ్యాసం గురించి మొహమాటం లేకుండా చెప్తున్నాను.

మొదటి పేరాలో 2013లో కరోలినా పాంథర్స్ తరఫున హార్డీ సాధించిన 15 శాక్‌లు (బంతి విసిరే ప్రత్యర్థిని విసరకముందే పడగొట్టడం) ఉన్నాయి. రెండో పేరాలో అతని బలం, వేగం. మూడోదాంట్లో కౌబాయ్స్‌తో ఒప్పందం. నాలుగో పేరాకి వస్తేగానీ "గృహహింస వివాదంలో చిక్కుకున్నాడు" అన్న ఒక్క ముక్క కనిపించలేదు. చదివినవాడికి ఏం అర్థమవుతుంది? దారిన పోతుంటే ఏదో వచ్చి మీద పడిందన్నట్టు ఉంది. పైగా ఆ పేరాలో ఆ అమ్మాయి అసలు లేనే లేదు. ఆ తర్వాత "మనిషి మంచివాడే, కోపం మీద అదుపు లేదు" అని నువ్వే తీర్పు చెప్పేశావు. నీకెలా తెలుసు? నువ్వు అతన్ని కలవలేదు, నేనూ కలవలేదు.

ఆటగాడి మనసులో ఏముందో మనం రాయలేం. ఏం చేశాడో రాయగలం. అది లీగ్‌కి, క్లబ్‌కి, కోర్టుకి, అభిమానులకి ఏ రోజు తెలిసిందో, తెలిశాక వాళ్లేం చేశారో రాయగలం. ఈ విషయం మీద రాసేవాడికి తేదీలను మించిన ఆధారం లేదని నా గట్టి నమ్మకం. హార్డీ కేసులోనే చూడు.

2014 మే నెలలో షార్లెట్‌లోని తన అపార్ట్‌మెంట్‌లో ఒకప్పటి గర్ల్‌ఫ్రెండ్ మీద దాడి చేశాడని, చంపుతానని బెదిరించాడని హార్డీని అరెస్టు చేశారు. జూలైలో జడ్జి విచారణ జరిపి దోషి అని తేల్చింది. నార్త్ కరోలినాలో అలాంటి తీర్పు మీద అప్పీల్ చేస్తే, జ్యూరీ ముందు విచారణ మళ్లీ మొదటినుంచి జరుగుతుంది. హార్డీ అప్పీల్ చేశాడు. సెప్టెంబర్ 7న సీజన్ మొదటి మ్యాచ్‌లో ఆడాడు. ఒక శాక్ కూడా సాధించాడు. అంటే కోర్టు దోషి అన్న రెండు నెలలకు లీగ్ అతన్ని మైదానంలోకి దిగనిచ్చింది. ఆ మర్నాడు, సెప్టెంబర్ 8న, వేరే ఊరిలో వేరే ఆటగాడి వీడియో ఒకటి బయటికొచ్చింది. ఇంకో పది రోజులు కాకముందే హార్డీ కమిషనర్ ఎగ్జెంప్ట్ లిస్టులోకి వెళ్లిపోయాడు. ఆ లిస్టులో ఉన్నవాడు ఆడకూడదు, జీతం మాత్రం వస్తుంది. ఆ సీజన్‌కి హార్డీ జీతం సుమారు 1.3 కోట్ల డాలర్లు.

హార్డీ విషయంలో ఆ కొద్ది రోజుల్లో కొత్తగా తెలిసింది ఏమీ లేదు. జడ్జి తీర్పు ఆపలేని మనిషిని ఇంకొకడి వీడియో ఆపింది. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే. నువ్వు దీన్ని అసలు ముట్టుకోలేదు.

ఆ వీడియో బాల్టిమోర్ రేవెన్స్ ఆటగాడు రే రైస్‌ది. ఆ కథ నీకు తెలిసే ఉంటుంది, అయినా ఈ తేదీలు ఒకసారి చేత్తో రాసుకో. 2014 ఫిబ్రవరి 15న అట్లాంటిక్ సిటీలో ఒక క్యాసినో లిఫ్ట్‌లో తనకు కాబోయే భార్యను కొట్టాడు. స్పృహలేని ఆమెను లిఫ్ట్‌లోంచి ఈడ్చుకొస్తున్న దృశ్యం కొద్ది రోజులకే దేశమంతా చూసింది. మార్చి చివర్లో గ్రాండ్ జ్యూరీ (కేసు నడపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) అభియోగం మోపింది. మర్నాడే వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. మే నెలలో క్లబ్ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ప్రెస్ మీట్ పెట్టింది. ఆ రాత్రి తన పాత్రకు ఆమె చాలా బాధపడుతోందని క్లబ్ అధికారిక ట్విట్టర్ ఖాతా రాసింది. ఆ మాట అనిపించింది దెబ్బలు తిన్న మనిషి చేత! జూలై 24న కమిషనర్ రోజర్ గుడెల్ రెండు మ్యాచ్‌ల సస్పెన్షన్ ప్రకటించాడు. కొద్ది రోజుల తర్వాత స్టేడియంలో ఓపెన్ ప్రాక్టీస్‌కి రైస్ రాగానే అభిమానులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆగస్టు చివర్లో జోష్ గోర్డన్ అనే ఇంకో ఆటగాణ్ణి డ్రగ్ పరీక్షల నియమం కింద ఏడాది పాటు సస్పెండ్ చేశారు. తర్వాత దాన్ని పది మ్యాచ్‌లకు తగ్గించారు. ఒకరిది ఏడాది, ఇంకొకరిది రెండు మ్యాచ్‌లు అని జనం అడగడం మొదలుపెట్టారు. ఆగస్టు 28న గుడెల్ తన నిర్ణయం సరైనది కాదని ఒప్పుకుంటూ క్లబ్ యజమానులకు ఉత్తరం రాశాడు. ఇకనుంచి గృహహింసకు మొదటిసారైతే ఆరు మ్యాచ్‌లన్నాడు. సెప్టెంబర్ 8న లిఫ్ట్ లోపలి వీడియో వచ్చింది. అదే రోజు క్లబ్ అతన్ని తీసేసింది, లీగ్ నిరవధికంగా సస్పెండ్ చేసింది. ఆ నెలలోనే జెర్సీలు మార్చుకోండని క్లబ్ పిలిస్తే, అభిమానులు రైస్ పేరున్నవి పట్టుకుని అదే స్టేడియం దగ్గర బారులు తీరారు.

నవంబర్‌లో మాజీ ఫెడరల్ జడ్జి బార్బరా జోన్స్ ఆ నిరవధిక సస్పెన్షన్‌ని కొట్టేసింది. రైస్ లీగ్ దగ్గర ఏదీ దాచలేదని, ఒకే తప్పుకు రెండోసారి శిక్ష వేయడం కుదరదని చెప్పింది. ఈ తీర్పు చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది, రైస్ మీద కాదు. ఫిబ్రవరిలో జరిగింది ఏమిటో ఫిబ్రవరి నుంచీ తెలుసు. కళ్లకు కనిపించాకే అది తప్పయింది. రైస్ మళ్లీ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. రైస్ భార్య మాత్రం లిఫ్ట్ వీడియో వచ్చిన మర్నాడు సొంతంగా ఒక ప్రకటన రాసుకుంది, మీడియా తన కుటుంబాన్ని బాధపెడుతోందని, ఆ క్షణాన్ని తమ చేత మళ్లీ అనుభవింపజేయడం దారుణమని. అది మనలాంటి వాళ్లకు వినడానికి ఇబ్బందిగానే ఉంటుంది. అయినా ఆమె మాట వ్యాసంలో ఉండాలి.

ఇప్పుడు హార్డీ దగ్గరికి వద్దాం. 2015 ఫిబ్రవరిలో కేసు ఎత్తేశారు. మనవాళ్లు ఇక్కడే "చూశావా, నిర్దోషి అని తేలింది" అంటారు. తేలలేదు. ఆమె సాక్ష్యానికి రాలేదు, హార్డీతో సివిల్ సెటిల్‌మెంట్ చేసుకున్నట్టు తమకు సమాచారం ఉందని ప్రాసిక్యూటర్ చెప్పాడు, కేసు ముందుకు నడవలేదు. జడ్జి తీర్పు ఒక సంగతి, అప్పీల్ వల్ల ఆ తీర్పు నిలవకపోవడం ఇంకో సంగతి, సాక్షి రాక కేసు ఆగిపోవడం మూడోది. మూడింటినీ మూడు వాక్యాల్లో విడిగా రాయి, తొందరపడి కలిపేయకు. అరెస్టు, అభియోగం, నేరం ఒప్పుకోవడం, సివిల్ దావా, ఇవన్నీ వేర్వేరు. ఒకదాని బదులు ఇంకోటి పడితే ఒక మనిషికి అన్యాయం జరుగుతుంది, ఒక్కోసారి ఇద్దరికి.

మార్చిలో కౌబాయ్స్ అతన్ని తీసుకున్నారు. లీగ్ పది మ్యాచ్‌ల సస్పెన్షన్ వేస్తే ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) నాలుగుకు తగ్గించాడు. అక్టోబర్‌లో ఒక మ్యాచ్ మధ్యలో హార్డీ సొంత కోచ్ మీదికే దూసుకెళ్లాడు. మ్యాచ్ అయ్యాక యజమాని జెర్రీ జోన్స్ అతను జట్టుకు నాయకుల్లో ఒకడన్నాడు. నవంబర్‌లో ఆ అమ్మాయి ఒంటి మీది గాయాల ఫొటోలు అచ్చయ్యాయి. ఆ సీజన్‌లో 6 శాక్‌లు. తర్వాత ఏ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టూ అతన్ని ఆడించలేదు. కారణం ఫొటోలా, తగ్గిన ఆటా అని నువ్వు తేల్చక్కర్లేదు. పాఠకుడి ముందు రెండూ పెట్టు.

డబ్బు లెక్కలు నేర్చుకో. సస్పెన్షన్ అన్న మాట వినగానే భయపడిపోతాం కానీ, ఆ మ్యాచ్‌లకు కోత పడేది సాధారణంగా మూల జీతంలోంచే. డెషాన్ వాట్సన్ అనే ఆటగాడి మీద మసాజ్ చేసే మహిళలు ఇరవైమందికి పైగా సివిల్ దావాలు వేశారు. 2022 మార్చిలో ఒక టెక్సస్ గ్రాండ్ జ్యూరీ క్రిమినల్ అభియోగం మోపడానికి ఒప్పుకోలేదు. ఆ వెంటనే, అదే నెలలో, రెండో గ్రాండ్ జ్యూరీ ఏమీ తేల్చకముందే, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అతనికి 23 కోట్ల డాలర్ల పూర్తి గ్యారంటీ కాంట్రాక్ట్‌కి ఒప్పుకుంది. ఆ రెండో జ్యూరీ కూడా తర్వాత అభియోగం మోపలేదు. ఆ కాంట్రాక్ట్‌లో మొదటి ఏడాది మూల జీతం 10 లక్షల డాలర్ల చిల్లర మాత్రమే, మిగతాది సుమారు 4.5 కోట్ల బోనస్. సస్పెన్షన్ వస్తుందని అందరూ అనుకుంటున్న ఏడాది అది. మాజీ జడ్జి సూ రాబిన్సన్ ఆరు మ్యాచ్‌లంది, లీగ్ అప్పీల్‌కి వెళ్లింది, చివరికి 11 మ్యాచ్‌లు, 50 లక్షల డాలర్ల జరిమానా దగ్గర రాజీ కుదిరింది. పెద్ద పెద్ద మాటలేవీ వాడకుండా ఈ అంకెలు మాత్రం రాసినా చాలు, చదివినవాడికి క్లబ్ ఏ ధైర్యంతో సంతకం పెట్టిందో తెలిసిపోతుంది.

డ్రాఫ్ట్ (జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ముందు వినిపించే "క్యారెక్టర్ కన్సర్న్స్" (గుణం మీద అనుమానాలు) అన్న మాటను నువ్వు యథాతథంగా వాడేశావు. అది ఆటగాళ్లను వెతికి అంచనా వేసే స్కౌట్ల మాట, క్లబ్‌కి ఎంత రిస్కు అన్న అర్థంలో వాడతారు. 2010లో డ్రాఫ్ట్‌కి ముందు డెజ్ బ్రయంట్ అనే ఆటగాణ్ణి ఇంటర్వ్యూ చేస్తూ మయామి జనరల్ మేనేజర్ వాళ్లమ్మ వేశ్యా అని అడిగాడు, గొడవయ్యాక క్షమాపణ చెప్పాడు. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడి గుణం తెలుసుకునే పద్ధతి అదా? ఇంకోవైపు, కాలేజీలో ఒక అమ్మాయి ముఖం మీద కొట్టిన వీడియో దేశమంతా చూశాక కూడా జో మిక్సన్‌ని 2017లో సిన్సినాటి జట్టు డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లోనే తీసుకుంది.

ఇంకో జాగ్రత్త. ఫుట్‌బాల్ ఆడేవాళ్లంతా రౌడీలన్నట్టు నీ ముగింపు ధ్వనిస్తోంది. ఈ ఆటగాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. మన ఇళ్లల్లో వాళ్ల గురించి ఏ మాటలు దొర్లుతాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. మొత్తం అరెస్టులు లెక్క తీసినవాళ్లకు, అదే వయసు అమెరికన్ మగవాళ్లకంటే ఈ ఆటగాళ్లు తక్కువగానే అరెస్టవుతున్నారని కనిపించింది. గృహహింస దగ్గర మాత్రం ఆ తేడా బాగా తగ్గిపోతుంది. రెండు ముక్కలూ కలిపి రాయి.

తర్వాతి వ్యాసం ఒకప్పటి స్టార్ ఆటగాడు మైకేల్ విక్ మీద అన్నావు. మంచి ఎంపిక, కష్టమైనది కూడా. కుక్కల పందేలు నడిపినందుకు 2007లో 23 నెలల జైలు, దివాలా, 2009లో ఫిలడెల్ఫియా జట్టు, 2010లో కమ్‌బ్యాక్ ప్లేయర్ అవార్డు, 2024 చివర్లో నార్ఫోక్ స్టేట్ యూనివర్సిటీలో హెడ్ కోచ్ పదవి. ఆ మార్పు నిజమే, దాన్ని తక్కువ చేసి రాయకు. కానీ ఈ కథ రాసేవాళ్లు ఎక్కువగా మరచిపోయేది ఆ కుక్కల్ని. అంతకుముందు పందేల కుక్కలు దొరికితే ప్రమాదకరమని చంపేయడమే రివాజు. ఈ కేసులో కోర్టు ఒక న్యాయశాస్త్ర ప్రొఫెసర్‌ని వాటికి సంరక్షకురాలిగా నియమించింది. ఒక్కోదాన్నీ విడివిడిగా పరీక్షించారు. 22 కుక్కలు యూటాలోని ఒక ఆశ్రయానికి వెళ్లాయి, మిగతావాటిలో చాలా వరకు ఇతర సంస్థల ద్వారా ఇళ్లకు చేరాయి. వాటి పోషణకు విక్ 9 లక్షల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది. అతని పునరాగమనానికి ఎంత చోటిస్తావో వాటికీ అంత ఇవ్వు.

హార్డీ వ్యాసం మళ్లీ రాసి పంపు. జూలై తీర్పుతో మొదలుపెట్టు, శాక్‌లు కింద ఎక్కడైనా వస్తాయి. ఆ అమ్మాయి పేరు ఇంగ్లిష్ పత్రికల్లో వచ్చినా నీ వ్యాసంలో అవసరం లేదు. గాయాల ఫొటోలు పెట్టనా అని అడిగావు. వద్దు. అవి ఏ నెలలో బయటికొచ్చాయో, అప్పటికి కౌబాయ్స్ అతన్ని ఎన్ని మ్యాచ్‌లు ఆడించారో రాయి.

ఉంటాను.

అన్నయ్య