మాత్ర మునుపటిలా పనిచేయడం లేదా? రెండోది మింగే ముందు

మొన్న తిరుపతికి వెళ్ళినప్పుడు అలిపిరి మెట్లెక్కుతుంటే మా వీధి అబ్బాయి తోడయ్యాడు. డాలస్‌లో ఎమ్మెస్ చేసి, ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. వాళ్ళక్క పెళ్ళికని వచ్చాడు. గాలిగోపురం దగ్గర కూర్చున్నాక గొంతు తగ్గించి అడిగాడు: "అక్కా, నువ్వూ ఏడీహెచ్‌డీకి మందు వాడతావంట కదా. నాకు మొదట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. ఇప్పుడు వేసుకున్నా ఒకటే, వేసుకోకపోయినా ఒకటే. రోజుకు రెండు వేసుకుంటే ఏమవుతుంది?"

ఏడీహెచ్‌డీ అంటే దేని మీదా ధ్యాస నిలవని సమస్య. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. నాకర్థమైంది. మా అవ్వ నన్ను "నిలకడ లేని పిల్ల" అనేది. దానికి ఒక పేరుందని, మందుందని న్యూజెర్సీకి వెళ్ళి, ముప్పై ఏడేళ్ళొచ్చాక తెలిసింది. అతనికి చెప్పిందే, అతనిలా అడగలేక ఊరుకున్నవాళ్ళ కోసం కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ రెండు మాత్రల సంగతి. అమెరికాలో అడెరాల్, వైవాన్స్ లాంటి యాంఫెటమిన్ మందులు, రిటాలిన్, కాన్సర్టా లాంటి మిథైల్‌ఫెనిడేట్ మందులు షెడ్యూల్ 2 కింద, అంటే ప్రభుత్వం గట్టిగా నియంత్రించే మందుల జాబితాలో ఉన్నాయి. వీటికి రీఫిల్ ఉండదు, ప్రతిసారీ కొత్త ప్రిస్క్రిప్షన్ రాయించుకోవాలి. నెల మందు పదిహేను రోజుల్లో అయిపోతే మిగతా పదిహేను రోజులు చేతిలో ఏమీ ఉండదు. ముందే ఇవ్వమని అడిగితే ఫార్మసీ ఇవ్వదు, డాక్టరుకు మన మీద నమ్మకం పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం గుండె. ఈ మందులు బీపీని, గుండె వేగాన్ని పెంచుతాయి. డోసు డాక్టరు పెంచితే ఆ రెండూ చూసి పెంచుతారు. మనంతట మనం పెంచుకుంటే చూసేవాళ్ళుండరు. స్నేహితుడి దగ్గర రెండు అడిగి తీసుకోవడం నేరం, ఇచ్చినవాడికీ నేరమే. వీసా మీద ఉన్నవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇక అసలు ప్రశ్న. మందు నిజంగా పనిచేయడం మానేసిందా?

నేను మొదటిసారి మాత్ర వేసుకున్న రోజు, మూడేళ్ళుగా తెరవని ఉత్తరాలన్నీ ఒక్క మధ్యాహ్నంలో సర్దేశాను. తలలో రొద ఆగిపోయింది. ఆనందంతో ఏడ్చాను. మూడు వారాల తర్వాత ఆ హుషారు లేదు. మందు పనిచేయడం మానేసింది, నా రాత ఇంతే అనుకుని డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను. ఆమె అడిగింది రెండే ప్రశ్నలు. ఈ నెల బిల్లులు టైముకు కట్టావా? మీటింగులు ఏమైనా మర్చిపోయావా? అన్నీ కట్టాను, ఒక్కటీ మర్చిపోలేదు. మొదటి రోజుల ఉత్సాహం వేరు, మందు చేసే పని వేరు అని అప్పుడు తెలిసింది. ఉత్సాహం అందరికీ తగ్గుతుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి డోసు పెంచుకుంటూ పోతే దానికి అంతుండదు.

అలాగని శరీరం మందుకు అలవాటు పడడమనేదే లేదని నేననను. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో 18 మంది పెద్దవాళ్ళకు ఏడాదిపాటు మిథైల్‌ఫెనిడేట్ ఇచ్చి, ముందూ తర్వాతా మెదడు స్కాన్ చేశారు. డోపమిన్ అంటే ధ్యాసకు తోడ్పడే మెదడులోని రసాయనం. డోపమిన్‌ను వెనక్కి లాక్కునే ట్రాన్స్‌పోర్టర్లు ఒక భాగంలో 24 శాతం పెరిగాయి. మందు అడ్డుకునేది వాటినే. చిన్న అధ్యయనమే. కానీ చాలాకాలం వాడాక తేడా కనిపిస్తోందనే మాటను కొట్టిపారేయకూడదని అది చెబుతుంది. అయితే నేను చూసినంతలో చాలాసార్లు కారణం ఇంకెక్కడో ఉంటుంది.

ముందు సీసా చూడండి. 2022 అక్టోబరులో అడెరాల్ కొరత ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది. కొరత ఉన్నప్పుడు ఫార్మసీలో ఏ కంపెనీ జెనెరిక్ ఉంటే అదిస్తారు. కాన్సర్టాలో మందును రోజంతా కొద్దికొద్దిగా బయటికి నెట్టే ఏర్పాటు మాత్రలోనే ఉంటుంది. దాని జెనెరిక్‌లు రెండు ఒరిజినల్‌తో సమానమని నమ్మలేమంటూ ఎఫ్‌డీఏ 2014 నవంబరులో వాటి రేటింగ్ మార్చింది. నాకోసారి మాత్ర ఆకారం మారింది, ఫార్మసీలో ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం రెండింటికే ప్రభావం పోయేది. రెండు నెలలు నా బద్ధకమే అనుకుని నన్ను నేను తిట్టుకున్నాను. సీసా మీద కంపెనీ పేరు ప్రతి నెలా ఫోటో తీసి పెట్టుకోండి.

తర్వాత నిద్ర. ఈ అబ్బాయికి రాత్రి ఒంటిగంట వరకు ఇండియా టీముతో కాల్స్, పొద్దున ఏడింటికి ఆఫీసు. రోజూ ఐదు గంటలే నిద్రపోతే ఆ లోటును ఏ మాత్రా పూడ్చలేదు. నాకు ఇవన్నీ వింటుంటే డోసు ఆలోచనే అనవసరమనిపించింది.

తిండి సంగతీ ఉంది. యాంఫెటమిన్ మందు వేసుకునే వేళకు ఆరెంజ్ జ్యూస్, విటమిన్ సి బిళ్ళ వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు. నేను పెరటాసి శనివారాలు ఉపవాసం ఉంటూ మాత్ర వేసుకునేదాన్ని. మధ్యాహ్నానికి తలనొప్పి, చిరాకు. ఇప్పుడు ఆ రోజుల్లో ఏం చేయాలో డాక్టరును అడిగి చేస్తున్నాను. అమ్మాయిలకు ఇంకొక మాట: నెలసరికి ముందు వారం మందు పనిచేయనట్టు చాలామందికి ఉంటుంది. ఈస్ట్రోజన్ తగ్గడం దీనికి కారణం కావచ్చు. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. థైరాయిడ్, ఐరన్, బీ12 పరీక్షలు కూడా ఒకసారి చేయించండి. శాకాహారులైతే బీ12 తప్పనిసరిగా.

డాక్టరు మనకిచ్చేది పదిహేను నిమిషాలు. "పనిచేయడం లేదు" అంటే వాళ్ళకేం తెలుస్తుంది? రెండు వారాలు రాసి తీసుకెళ్ళండి: ఎన్నింటికి వేసుకున్నారు, ఎప్పుడు పట్టింది, ఎప్పుడు దిగింది, ఎంత నిద్రపోయారు, ఏం తిన్నారు. అది చూస్తే దారులు చాలా ఉన్నాయి. వేసుకునే వేళ మార్చవచ్చు, మధ్యాహ్నానికి చిన్న డోసు చేర్చవచ్చు, మిథైల్‌ఫెనిడేట్ నుంచి యాంఫెటమిన్‌కు గానీ, అటు నుంచి ఇటు గానీ మార్చవచ్చు. అటామాక్సెటిన్ అనే వేరే రకం మందు ఉంది, దాని ఫలితం తెలియడానికి కొన్ని వారాలు ఓపిక పట్టాలి. కొందరికి వారాంతాల్లో విరామం ఇస్తారు. అదీ డాక్టరు చెప్తేనే.

ఇదంతా విని, "అమ్మను ఇక్కణ్ణుంచి పంపమంటే?" అన్నాడు. వద్దు నాయనా అన్నాను. యాంఫెటమిన్ మందులు మన షాపుల్లో దొరకవు. మిథైల్‌ఫెనిడేట్ దొరికినా ఇక్కడా కఠినమైన చట్టం కిందే ఉంది. దాన్ని కొరియర్‌లో అమెరికాకు పంపడం నేరం. తిరుగు ప్రయాణంలో రెండు రోజులు దుబాయ్‌లో దిగి స్నేహితుణ్ణి చూసి వెళ్తాడట. యూఏఈకి ఇలాంటి మందు తీసుకెళ్ళాలంటే ముందే అక్కడి ప్రభుత్వ అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలని తనకు తెలియదు. మోకాళ్ళ మెట్టు దాకా మేమిద్దరం దాని గురించే మాట్లాడుకున్నాం. దర్శనం అయ్యాక ఫోన్ చేతికి రాగానే మొదట డాక్టరుకు, ప్రిస్క్రిప్షన్ కాపీ, ఒక ఉత్తరం పంపమని మెసేజ్ పెట్టాడు.